షెహజాదీ మోసిన పులిపిర్లు

ఆ ఉదయం రజాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. షెహజాదీకి శుభ్రంగా స్నానం చేయించాలి. బ్యాండు మేళం వాళ్ళు సాధన చేసే షెడ్డు ముందు కాసేపు నిలబెట్టి డ్రమ్ముల మోతకు అలవాటు చేయాలి. ఎండ ముదరకముందే ఇంటికి తోలుకురావాలి. షెహజాదీ అంటే మూడో ఏడు నడుస్తున్న తెల్లటి ఆడగుర్రం. పాల్వంచ చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపుకు గుర్రం కావాలంటే తాతల కాలం నుంచీ రజాక్ ఇంటికే రావాలి. ముసలి గుర్రం కిందటేడు చచ్చిపోయింది. దాని కడుపున పుట్టిన షెహజాదీ ఇంకా ఒక్క పెళ్ళికొడుకునైనా మోయలేదు.

మొదటి బరాత్ కుదిరింది గాని, కుదిరింది మామూలు మనిషితో కాదు. కరెంటు ప్లాంటులో ఫోర్‌మన్ బసవపున్నయ్య ఇంట్లో పెళ్ళి. ఆయన గుర్రాన్ని చూడటానికి పట్టపగలు టార్చిలైటు తెచ్చాడు. చెవుల్లోకి వేసి చూశాడు, గిట్టల కిందకి వేసి చూశాడు. "మచ్చ ఉండొద్దు రజాక్ భాయ్. ఒక్క మచ్చ కనవడ్డా నేను కారు మాట్లాడుకుంట" అని చెప్పి వెళ్ళాడు.

ఈ బరాత్‌తో ఇంకో సంగతి ముడిపడి ఉంది. రజాక్ బావమరిది ఖాలిద్ ట్రాలీ ఆటో నడుపుతాడు. "గుర్రాల కాలం అయిపోయింది బావా, దీన్ని అమ్మి ఇంకో ట్రాలీ తీస్కుందాం" అని పొద్దస్తమానం పోరు. పోరగా పోరగా ఇంటిల్లిపాది ముందు ఒక ఒప్పందం జరిగింది. బసవపున్నయ్య ఇంటి బరాత్ జరిగితే షెహజాదీ ఇంట్లో ఉంటుంది. తప్పిపోతే, ఖాలిద్ తెచ్చిన బేరగాడి వెంట పోతుంది. రజాక్ తల ఊపాడే గాని, ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. పుట్టిన రోజున తడి కాళ్ళతో తడబడుతూ లేచి, తల్లిని వదిలి తన లుంగీ పట్టుకు లాగిన గుర్రం అది.

ఇంతకీ ఆ ఉదయం షెహజాదీ నీళ్ళ బకెట్లోంచి తల పైకెత్తింది. రజాక్ దాని మూతి చూశాడు. చూసి బకెట్టు పక్కనే కూలబడ్డాడు. పెదవుల చుట్టూ, ముక్కుపుటాల మీద బూడిదరంగు బుడిపెలు. కొన్ని ఆవగింజంత, కొన్ని శనగగింజంత. ఒకచోట అన్నీ కలిసి గోబీపువ్వులా గుత్తి కట్టాయి. పులిపిర్లు!

ఆ జిల్లాలో ఇంకెవరి గుర్రానికి పులిపిర్లు వచ్చినా అదొక జబ్బు. రజాక్ గుర్రానికి వస్తే పరువునష్టం. ఎందుకంటే ఎవరి వేలికో మెడకో పులిపిరి లేస్తే జనం వచ్చేది ఆయన ఇంటికే. గుర్రం తోక వెంట్రుక ఒకటి తీసుకుపోయి, పులిపిరి మొదట్లో బిగించి కడితే రాలిపోతుందని ఆ ప్రాంతంలో గట్టి నమ్మకం. వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపొద్దని రజాక్ తాత మాట.

"కరెంటాఫీసుల కరెంటు పోయినట్టున్నది" అంది రజాక్ భార్య ఫజిలత్, గుర్రం మూతి చూసి.

"నవ్వకు. జల్దీ దవాఖానాకు తోల్కపోత" అన్నాడు రజాక్.

పశువుల దవాఖానాలో డాక్టర్ శ్యామల షెహజాదీ మూతిని రెండు చేతులతో పట్టుకుని నింపాదిగా చూసింది. "లేత వయసు గుర్రాలకు వస్తుంటాయండీ. భయమేం లేదు, వాటంతట అవే రాలిపోతాయి. గిల్లకండి, గీకకండి, ఏదీ పూయకండి" అంది.

"మరి మందు మేడమ్?"

"మందేం అక్కర్లేదు."

"కనీసం ఒక సూదన్నా ఎయ్యండి."

"దేనికి?"

"నా మనసుకు" అన్నాడు రజాక్.

డాక్టరమ్మ నవ్వింది. ఎప్పుడు రాలతాయని అడిగితే, నెలలు పట్టవచ్చు, అంతకన్నా ముందే పోవచ్చు, గుర్రం ఒంటిని బట్టి ఉంటుందంది. పెళ్ళి చూస్తే వచ్చే నెలలోనే. సూది లేదు, గోళీ లేదు, మలాం లేదు, ఆఖరికి పథ్యం కూడా లేదు! మందు రాయని డాక్టరు మీద నమ్మకం నిలుపుకోవడం రజాక్ వల్ల కాలేదు. ఇంటికొచ్చేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. మనుషులకు పనిచేసే వెంట్రుక గుర్రానికి ఎందుకు పనిచేయదు? కాకపోతే ఒంటి మీది వెంట్రుక ఆ ఒంటికే పనికిరాదని తాత చెప్పేవాడు. ఇంకో గుర్రం తోక కావాలి.

వైరాలో దేవ్‌సింగ్‌కు ఒక గుర్రం ఉంది. రజాక్ బస్సెక్కి వెళ్ళి, నీళ్ళు నమిలి, చివరికి ఒక వెంట్రుక అడిగాడు. దేవ్‌సింగ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"నీ ఇంట్ల గుర్రం పెట్టుకొని నా గుర్రం ఎంటికెకు వచ్చినవేంది? దానికేమయింది?"

నిజం చెబితే సాయంత్రానికల్లా బసవపున్నయ్య చెవిన పడుతుంది. రజాక్ నోటికి ఏది వస్తే అది అనేశాడు. "అది మొక్కుల ఉన్నది. ఇప్పుడు దాని తోక ముట్టొద్దు."

"గుర్రం మొక్కుల ఉన్నదా!" దేవ్‌సింగ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తెరిచిన నోరు మూయకుండా బస్టాండులో నలుగురికీ చెప్పాడు. రజాక్ టీ తాగుతూ ఒక బస్సు అందుకోలేకపోయాడు. ఆయన అన్న మాట ఆ బస్సు ఎక్కి ఆయన కన్నా ముందే పాల్వంచ చేరింది.

తెచ్చిన వెంట్రుకతో పులిపిరి కట్టబోతే షెహజాదీ ఒక్క తుమ్ము తుమ్మింది. వెంట్రుక ఎటు పోయిందో తెలియలేదు, రజాక్ మొహం మాత్రం తడిసింది. ఇక దాచడమొకటే దారి. ఫజిలత్ చేత పెళ్ళినాటి ఎర్ర చున్నీ ఒకటి మూతికి సరిపడా కుట్టించి ముసుగు కట్టాడు. మొక్కులో ఉన్న గుర్రం ముసుగు వేసుకునేసరికి వీధిలో అనుమానమున్న వాళ్ళకు కూడా అనుమానం తీరిపోయింది. దాని ముందు నుంచి పోయేవాళ్ళు సైకిలు దిగి నడిపించుకుపోసాగారు.

అలాంటి రోజుల్లో ముత్తక్క వచ్చింది. భద్రాచలం దారిలో అడవి అంచు పల్లె ఆమెది. విస్తరాకులు కుట్టే అడ్డాకుల మోపు అంగట్లో దించి, అక్కడి నుంచి నేరుగా రజాక్ ఇంటికి నడిచింది.

"సాయబూ, ఏళ్ళ నిండ లేసినయి. ఆకులు కుట్టరాకుండున్నది. ఒక ఎంటికె ఇయ్యి" అంటూ పులిపిర్లు లేచిన వేళ్ళు చూపింది.

తాత మాట దాటలేక రజాక్ తోక నుంచి ఒక వెంట్రుక కత్తిరించి ఇచ్చాడు. ముత్తక్క అది కళ్ళకు అద్దుకుని గుర్రానికి రెండు చేతులా దండం పెట్టింది. ఆ చేతుల్లో గడ్డి వాసన ఏదో ఉన్నట్టుంది, షెహజాదీ మెడ చాపి ముసుగును ఆమె వేళ్ళకేసి రుద్దింది. ముసుగు ఊడి కిందపడింది.

ముత్తక్క గుర్రం మూతి చూసింది. తన వేళ్ళు చూసుకుంది. మళ్ళీ గుర్రం మూతి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓయమ్మా! మేము ఎంటికెలు పట్టుకపోయి సుఖపడుతుంటే, మాయన్నీ నువ్వు మోస్తున్నవా తల్లీ!"

రజాక్ "కాదక్కా, గదేం లేదు, లేత గుర్రాలకు వస్తయట, డాక్టరమ్మ చెప్పింది" అని మొదలుపెట్టాడు. ముత్తక్క వినే స్థితిలో లేదు. ఆమె అంగట్లో చెప్పింది. అంగడి ఊరికి చెప్పింది. మర్నాడు తెల్లారేసరికి రజాక్ ఇంటి ముందు చెప్పులు గుట్టపడ్డాయి.

పులిపిర్లున్న వాళ్ళు వచ్చారు. లేనివాళ్ళు ముందు జాగ్రత్తకు వచ్చారు. నైట్ షిఫ్టు దిగిన వాళ్ళు టిఫిన్ డబ్బాలతోనే లైన్లో నిలబడ్డారు. కేబుల్ టీవీ రాంబాబు కెమెరా తెచ్చి మూతిని దగ్గరగా తీసి, కింద అక్షరాలు పరిగెత్తించాడు. రజాక్ ప్రతివాళ్ళకీ నిజమే చెప్పాడు. "ఇది మామూలు పులిపిరే, దాని పాటికదే పోతది" అన్నాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, "గొప్పోళ్ళు గంతే, చెప్పుకోరు" అని ఇంకో వెంట్రుక అడిగారు. కత్తెర ఫజిలత్ చేతికి వచ్చింది. షెహజాదీ తోక మెల్లగా అరిగిపోయిన చీపురు కట్టలా తయారైంది.

అయితే ఒక సంగతి రజాక్‌నే ఆశ్చర్యపరిచింది. డ్రమ్ము చప్పుడుకు బెదిరి చెంగుమనే ఆ పిల్ల గుర్రం, అంతమంది మధ్య కదలకుండా నిలబడేది. చంటిపిల్లలు మూతి తడిమినా, ముసలమ్మలు మెడ పట్టుకుని ఏడ్చినా, పెద్ద పెద్ద కళ్ళతో వాళ్ళనే చూస్తూ ఊపిరి వదిలేది. తాను పెంచిన గుర్రమేనా ఇది అనిపించింది. ఒక పొద్దున ఎవరూ లేనప్పుడు రజాక్ అటూ ఇటూ చూసి తాను కూడా దానికి సలాం చేశాడు. దానిలో నిజంగానే ఏదో ఉందనుకున్నాడు.

ఆ సాయంత్రమే బసవపున్నయ్య వచ్చాడు. చేతిలో టార్చి. అది నేరుగా షెహజాదీ మూతి మీద పడింది. రజాక్ కళ్ళు మూసుకున్నాడు. గేటు దగ్గర ఖాలిద్ బేరగాడికి ఫోను కలుపుతున్నాడు. రజాక్ కళ్ళు తెరిచేసరికి బసవపున్నయ్య చెప్పులు విప్పి, తల పక్కకు వంచి, చెవి వెనక ఉన్న తన పులిపిరిని గుర్రానికి చూపిస్తున్నాడు.

"గిట్లాంటి గుర్రమెక్కే యోగం ఎవల కొడుక్కున్నది రజాక్ భాయ్! టీవీల జూసి చుట్టాలంతా మధిర నుంచి బస్సేసుకొని వస్తున్నరు. ఒక్క పులిపిరి తక్కువ గాకుండా తోల్కరావాలె."

రజాక్ మర్నాడు మళ్ళీ పశువుల దవాఖానాకు వెళ్ళాడు.

"మేడమ్, గవి పెళ్ళి దాకా ఉండేటట్టు మందేమన్నా ఉన్నదా?"

శ్యామల కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పోవడానికీ లేదు, ఉండటానికీ లేదు. మీరు ఇంటికి వెళ్ళి నిద్రపోండి" అంది.

పెళ్ళిరోజు పొద్దున్నే రజాక్ పాకలోకి వెళ్ళాడు. గడ్డి మీద నల్లటి చెక్కుల్లాంటివి రాలి ఉన్నాయి. షెహజాదీ మూతి, పుట్టిననాడు చూసిన మూతిలా, గులాబీరంగులో మిలమిలలాడుతోంది. ఒక్క బుడిపె లేదు, ఒక్క మచ్చ లేదు. తుమ్మి పారేసిందే గాని ఏ వెంట్రుకా కట్టనివ్వలేదు, ఏ మందూ పుయ్యలేదు. ఎవరు చేశారిది? దాని ఒళ్ళే చేసుకుందని డాక్టరమ్మ అంటుంది. అయితే ఆ ఒళ్ళు ఎంత గొప్పదో! ఆయన ఆ మూతిని రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. భయం ఆ తర్వాత గుర్తొచ్చింది. ఎర్ర ముసుగు తెచ్చి మళ్ళీ కట్టాడు.

బరాత్ మొదలయ్యే చోట బ్యాండు మోగుతోంది. పెళ్ళికొడుకు సిద్ధంగా ఉన్నాడు. మధిర చుట్టాలు ఒకరి భుజాల మీద నుంచి ఒకరు తొంగిచూస్తున్నారు. బసవపున్నయ్య ఎర్ర ముసుగు స్వయంగా ఎత్తాడు. ఎత్తి, గట్టిగా అరిచాడు.

"ఏవి? పులిపిర్లేవి? గుర్రాన్ని మార్చినవ్ రజాక్! మచ్చలేని గుర్రం దెచ్చి నన్ను మోసం జేస్తున్నవా?"

"అదే గుర్రం సార్. నా పిల్లల మీద ఒట్టు."

"కారు పిలువుండి!" అన్నాడు బసవపున్నయ్య.

అప్పుడు జనంలోంచి ముత్తక్క తోసుకొచ్చింది. పెళ్ళికి విస్తరాకులు కుట్టింది ఆమే.

"మూతి దిక్కు ఏం జూస్తరయ్యా? ఎనకకు రారి. గిసోంటి తోక లోకంల ఇంకో గుర్రానికి ఉంటదా?"

బసవపున్నయ్య వెనక్కి నడిచాడు. చుట్టాలూ నడిచారు. షెహజాదీ తోకకు రజాక్ కట్టిన పూలదండను ముత్తక్క పక్కకు జరిపింది. నాలుగు వెంట్రుకలు మిగిలిన మోడు తోక, ఊరి పులిపిర్లన్నిటికీ తనను తాను పంచిపెట్టుకున్న తోక, ఒకసారి అటూ ఇటూ ఊగింది. బ్యాండు వాళ్ళు కూడా వాయించడం ఆపేశారు.

"అన్నీ మోసి, ఇయ్యాల దించుకున్నది" అన్నాడు బసవపున్నయ్య. "నా కొడుకు పెళ్ళినాడే దించుకున్నది!"

పెళ్ళికి పిలుపు మీద వచ్చిన డాక్టర్ శ్యామల "నేను ముందే చెప్పానండీ" అనబోయింది గాని, అంతలో బ్యాండు మళ్ళీ అందుకుంది. పెళ్ళికొడుకు గుర్రానికి దండం పెట్టి మరీ ఎక్కాడు. షెహజాదీ డ్రమ్ముల మధ్య నుంచి, టపాసుల పొగలోంచి, తల ఎత్తి, ఒక్క అడుగు తడబడకుండా నడిచింది. సగం దారిలో రజాక్ పక్కకు చూస్తే రెండో వైపు కళ్ళెం పట్టుకుని ఖాలిద్ నడుస్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏందిరా?" అన్నాడు రజాక్.

"పొగ బావా" అన్నాడు ఖాలిద్. వీధి మలుపు తిరిగాక, "బేరగాడికి రావద్దని చెప్పిన. ఇది మనింట్లనే ఉంటది" అన్నాడు.

రజాక్ గుర్రం మెడ మీద చెంప ఆనించి నాలుగడుగులు అలాగే నడిచాడు.

వానలు పడేనాటికి షెహజాదీ తోక మళ్ళీ ఒత్తుగా మొలవసాగింది. ఆ కబురు ఊళ్ళోకి పాకిన మరుసటి ఆదివారం నుంచి బట్టతల వాళ్ళు రావడం మొదలుపెట్టారు.