తాత లేచేదాకా ఆగవలెను

మానవజాతి ఇంతవరకు సాధించిన పరిపాలనా విజయాలన్నిటిలోకీ గొప్పది ఒక్కటే: ఉచ్చ ఆపుకోవడం. రాజ్యాలు, రైళ్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. వచ్చినప్పుడు వచ్చినచోటే కానిచ్చేసే జాతికి క్యూ కట్టడం చేతకాదు. క్యూ లేనిచోట కౌంటర్ ఉండదు. కౌంటర్ లేనిచోట దాన్ని మూసే అధికారీ ఉండడు. (అటువంటి సమాజాన్ని ఊహించుకుంటేనే కళ్లు తిరుగుతాయి.)

అందుచేత, పుదుచ్చేరి నెల్లితోపులో రెండున్నరేళ్ల ప్రీతిక అనే పౌరురాలు ఈ విజయంలో ఇంకా పాలుపంచుకోలేదన్న సంగతిని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

పైగా గడువు ఉంది. వచ్చే నెల మొదటి సోమవారం.

ఆ రోజు ప్రీతిక తల్లి లోకేశ్వరి సెలవు ముగించుకుని డ్యూటీలో చేరాలి. ఆమెది ప్రభుత్వోద్యోగం. ఏ శాఖ అన్నది ఇక్కడ అనవసరం. ఆ శాఖ ఏం చేస్తుందన్నది అక్కడా అనవసరం. సెలవు ఇంకొంచెం పొడిగించమని అడిగితే సూపరింటెండెంట్ త్యాగరాజన్ ఎంతో దయగా బదులిచ్చాడు.

"పొడిగించేదానికి కాదమ్మా. కావాలంటే యానాంలో ఒక సీటు ఖాళీగా ఉండాది. ఒక రాత్రి రైల్లో కూర్చుంటే వచ్చేస్తాది. ఆడ అందరూ తెలుగోళ్లే. నీకేం కష్టం?"

లోకేశ్వరి ఆ దయను అర్థం చేసుకుంది. సోమవారం సీటులో ఉండకపోతే మంగళవారం యానాం.

బిడ్డను ఇంట్లో వదిలే వీలు లేదు. అవ్వ పంకజానికి మోకాళ్లు పనిచేయవు. తాత చిన్నస్వామికి అన్నీ పనిచేస్తాయి గాని, అన్నీ ఆయనతోపాటే రిటైరయ్యాయి. నాన్న విమల్ వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కు లెక్కలు చూస్తాడు. మిగిలింది మార్కెట్ వెనక వీధిలోని ప్లే స్కూలు. దాని గేటు మీద ఎర్ర అక్షరాలతో ఒకే నిబంధన రాసి ఉంది: డయాపర్‌తో వచ్చే పిల్లలను చేర్చుకోము. నోటిమాట చెల్లదు. హెడ్‌మిస్ట్రెస్ దీపా మేడం ఎదుట బిడ్డ ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి.

ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది.

అవ్వ తన పద్ధతి చూపించింది. నేల మీద కూర్చుని, కాళ్లు బారచాపి, రెండు పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టడం. "వీళ్ల నాయన్ను ఇట్లే పెంచినా. వీడికేం తక్కువైంది?" అని విమల్ వైపు చూపించింది. అందరూ విమల్‌ను ఎగాదిగా చూశారు. ప్రీతిక పాదాల మీద కూర్చుని ఊయలూగి, ఆనందించి, దిగి, తలుపు పక్కకు పోయి అక్కడ పోసింది. అవ్వను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

విమల్ ఫోన్లో ఒక యాప్ వేశాడు. అది గంటకొకసారి బుర్రుమని, "మీ చిన్నారి సిద్ధమేనా?" అని అడుగుతుంది. దానితోపాటు బాతు ఆకారంలో ఒక పసుపుపచ్చ కుర్చీ కూడా వచ్చింది. అందులో తడి పడితే పాట వస్తుంది. ప్రీతిక ఒక గ్లాసుడు నీళ్లు తెచ్చి అందులో పోసింది. పాట వచ్చింది. బిడ్డ ఘనవిజయం సాధించిందని యాప్ అభినందించి, ఆ వార్తను బంధువులందరికీ పంచుకోమంది. (విమల్ పంచుకున్నాడు.)

అప్పుడు చిన్నస్వామి వాలుకుర్చీలోంచి లేవకుండా అన్నాడు.

"ఏందిది? ఆమె ఒక పక్క, వీడొక పక్క. ఎవరికి చెప్పల్ల, ఎవరు ఒప్పుకోవల్ల, ఏదన్నా పద్ధతి ఉండాదా?"

"ఉచ్చకు పద్ధతేంది అయ్యా?" అంది పంకజం.

"అన్నిటికీ ఉండాది."

సర్వీసులో ఉన్నన్నాళ్లూ చిన్నస్వామి తన బల్ల దాటి ఏ ఫైలునూ ఆ ఫైలు కోరుకున్న వేగంతో పోనివ్వలేదు. ఆ అనుభవమంతా ఇప్పుడు బయటికి తీశాడు. విధానం ఇది. ముందు అభ్యర్థి తాత ముందుకొచ్చి "ఒంటికి" అని మౌఖికంగా దరఖాస్తు చేసుకోవాలి. తర్వాత అవ్వ పొట్ట నొక్కి చూసి సిఫారసు చేయాలి. ఆపైన తాత వాలుకుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టి, "శాంక్షన్" అనాలి. అప్పుడు అభ్యర్థి బాత్రూమ్‌కు పోవచ్చు. శాంక్షన్‌కు ముందు జరిగినది ఏదైనా జరగనట్టే లెక్క. (తుడిచే బాధ్యత మాత్రం లోకేశ్వరిది.)

"మామా, ఇదేమన్నా ఆఫీసా?" అంది లోకేశ్వరి.

"ఆఫీసైతే ఇంకా మూడు సంతకాలు ఉంటాయిమ్మా. పసిబిడ్డ కదా అని తగ్గించినా."

వింత ఏమిటంటే, విధానం పనిచేసింది. ప్రీతికకు అది ప్రాణమైపోయింది. పరుగెత్తుకుంటూ వచ్చి, తాత మోకాళ్ల ముందు నిటారుగా నిలబడి, "తాతా, ఒంటికి" అనేది. అవ్వ ముందు పొట్ట చాపేది. తాత కళ్లద్దాలు సవరించుకుని, దీర్ఘంగా ఆలోచించి (ఆలోచించకుండా ఇచ్చే శాంక్షన్‌కు విలువుండదు), టక్ టక్ అని తట్టేవాడు. ఆ వారం ముగిసేసరికి ఇల్లు పొడిగా ఉంది. లోకేశ్వరి కూడా ఒప్పుకుంది. విమల్ యాప్ తీసేశాడు. పోతూ పోతూ అది, "మీ చిన్నారి మమ్మల్ని తలుచుకుంటుంది" అంది.

ఒక్క చిన్న వివరం ఎవరికీ పట్టలేదు.

పుదుచ్చేరిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే సగం వీధి షట్టర్లు దించేస్తుంది. ఎండ, అన్నం, నిద్ర. ఆఖరికి మెడికల్ షాపు ముందు కుక్క కూడా వ్యాపారం కట్టేసి పడుకుంటుంది. చిన్నస్వామి ఒంటిగంటకు వాలుకుర్చీలోనే కళ్లు మూస్తే మళ్లీ తెరిచేది మూడున్నరకే. అలాంటి ఒక మధ్యాహ్నం ప్రీతిక వచ్చి ఆయన పంచె లాగింది.

"తాతా, ఒంటికి."

చిన్నస్వామి కళ్లు తెరవకుండానే, పాత అలవాటు కొద్దీ అన్నాడు. "లంచ్ అవర్. కౌంటర్ క్లోజు. మూడున్నరకు రా."

ఆయన తమాషాకే అన్నాడు. ప్రీతిక తమాషా అనుకోలేదు. (ఈ సద్గుణం రెండున్నరేళ్ల పిల్లల్లోనూ కొత్తగా చేరిన గుమాస్తాల్లోనూ మాత్రమే కనిపిస్తుంది.) ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. గోడకేసి చూస్తూ ఉండిపోయింది. మూడున్నరకు తాత కళ్లు తెరిచాడు. టక్ టక్. ప్రీతిక గౌరవంగా నడిచిపోయింది.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

"పాపిష్టి పద్ధతయ్యా ఇది. పసిదాని కడుపు ఏం కావల్ల?" అంది పంకజం.

"కంట్రోల్ అంటారు దాన్ని. పెద్ద పెద్ద ఆఫీసర్లకే రాదు," అన్నాడు చిన్నస్వామి, గర్వంగా.

శుక్రవారం పరీక్ష. వేళ: మధ్యాహ్నం రెండు గంటలు.

ఈ వాక్యంలోని ప్రమాదం పాఠకులకు ఇప్పటికే తట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరికీ తట్టలేదు. లోకేశ్వరి బిడ్డకు మజ్జిగ తాగించింది. విమల్ పర్మిషన్ పెట్టి వస్తూ, దారిలో ఎళనీరు బొండం కొట్టించి తెచ్చి పట్టించాడు. అవ్వ ముందుజాగ్రత్తగా రాగి గంజి పోసింది. తాతను లేపడమెందుకని అందరూ మెల్లగా చెప్పులు వేసుకుని బయటపడ్డారు. సరిగ్గా రెండింటికి ప్రీతిక నిండు ట్యాంకులా ప్లే స్కూల్లో అడుగుపెట్టింది.

దీపా మేడం కూర్చోమని చిన్న కుర్చీ చూపించింది. (ఆమె ఇంటి భాష కూడా తెలుగే. తెలుగు చదవడం మాత్రం రాదు. ఈ వీధుల్లో చాలామందికి అంతే. కనుక ఈ కథ వల్ల ఎవరి అడ్మిషన్‌కూ ముప్పు లేదు.)

"ఒంటికి వస్తా ఉండాదా కణ్ణా?"

"వస్తా ఉండాది."

"వెరీ గుడ్. అదిగో బాత్రూమ్. పో."

ప్రీతిక కదల్లేదు. కాలు మీద కాలు వేసుకుంది. లోకేశ్వరికి అప్పుడు తట్టింది.

"తాత నిద్ర," అంది ప్రీతిక.

"తాత ఎవరు?" అంది దీపా మేడం.

విమల్ కుళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. ప్రీతిక ఆ ధారను చూసి, ఒకసారి బిగుసుకుని, చూపు తిప్పుకుంది. పంకజం ఉండబట్టలేక, మేడం గదిలోనే నేల మీద కూలబడి కాళ్లు చాపింది. ప్రీతిక అవ్వ పాదాల వంక జాలిగా చూసింది.

"నేను చెప్తా ఉండా కదా, పో నా బంగారు," అంది లోకేశ్వరి. ఆమె కళ్లముందు యానాం వైపు పోయే రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది. "నేనే శాంక్షన్ చేస్తా. ఇదిగో," అని బల్ల మీద రెండుసార్లు తట్టింది.

ప్రీతిక తల్లిని పైనుంచి కిందిదాకా చూసింది. పై అధికారి తరఫున సంతకం పెట్టబోయిన కింది ఉద్యోగిని ఎలా చూడాలో అలాగే చూసింది.

"నువ్వు తాత కాదు. కౌంటల్ కోజు."

విమల్ తండ్రికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం పూట చిన్నస్వామి ఫోను కూడా నిద్రపోతుంది. స్కూటర్ తీశాడు. గదిలో దీపా మేడం గడియారం చూసింది, బిడ్డను చూసింది, మళ్లీ గడియారం చూసింది. ప్రీతిక నుదుటి మీద చిరుచెమట. పెదవి బిగించింది. చెక్కు చెదరలేదు.

ఇంటి దగ్గర విమల్ తండ్రి భుజం పట్టి ఊపుతున్నాడు.

"నాయనా, లెయ్! సీక్రం!"

"టైమెంత?"

"రెండు నలభై!"

"ఇంకా టైముండాదే."

"నాయనా, లోకేశ్వరిని యానాం పంపించేస్తారు!"

చిన్నస్వామి లేచాడు. సర్వీసులో గాని, రిటైరయ్యాక గాని, ఆయన లంచ్ అవర్‌లో లేవడం అదే మొదలు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్కింటివాళ్ల చెప్పుతో స్కూల్లోకి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఊపిరి పీల్చుకుని, కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"పంకజం, సిఫారసు చేసినావా?"

"నీ తలకాయ! తట్టయ్యా ముందు!"

టక్ టక్. "శాంక్షన్."

ప్రీతిక లేచింది. పరుగెత్తలేదు. నడిచింది. తలుపు వేసుకుంది. ఆ తర్వాత వినిపించిన శబ్దం చాలాసేపు ఆగలేదు. అంతసేపూ అక్కడున్న పెద్దవాళ్లంతా జాతీయగీతానికి నిలబడ్డట్టు నిలబడ్డారు. (పంకజం మాత్రం కూర్చునే ఉంది. ఆమెను ఇంకా ఎవరూ లేపలేదు.)

లోకేశ్వరి కళ్లు తుడుచుకుంది. "మేడం, ఈ ఒక్కసారికి... ఇంకో రోజు టైమిస్తే, పొద్దున పూట తీసుకొస్తా..."

"ఇంకో రోజెందుకు?" అంది దీపా మేడం. ఆమె కళ్లలో వెలుగు. "ఇంతసేపు ఆపుకునే బిడ్డను నేను ఈడ ఎప్పుడూ చూడలేదమ్మా. ఇంతమంది పిల్లలకు మాకుండేది ఒకే బాత్రూమ్, ఒకే ఆయా. ఆ ఆయా కూడా మధ్యాహ్నం ఇంటికి పోయి పడుకుంటాది. వచ్చినప్పుడంతా పోయే బిడ్డలతో స్కూలు నడపలేక చస్తా ఉండా. అడ్మిషన్ ఇచ్చేసినా. సోమవారం తీసుకురండి."

తర్వాత చిన్నస్వామి వైపు తిరిగింది.

"సార్, మిగతా పిల్లలకు కూడా మీరు కొంచెం ట్రైనింగ్ ఇస్తారా?"

చిన్నస్వామి వెంటనే ఒప్పుకోలేదు. పరిశీలిస్తానన్నాడు. అధికార బదిలీ మాత్రం అక్కడికక్కడే జరిగింది. దీపా మేడం చేత బల్ల మీద రెండుసార్లు తట్టించి, ప్రీతికకు చూపించి, ఇకనుంచి స్కూల్లో ఈమే తాత అని ప్రకటించాడు. ప్రీతిక ఆమెను కాసేపు పరిశీలించి, తల ఊపింది.

సోమవారం వచ్చింది. ప్రీతిక ఏడవకుండా స్కూలుకు పోయింది. లోకేశ్వరి వేళకు ఐదు నిమిషాల ముందే సీటులో ఉంది. యానాం సీటు యానాంలోనే ఉంది. త్యాగరాజన్ ఆమెను చూసి సంతోషించి, ఇన్నాళ్లూ పేరుకున్న ఫైళ్లన్నీ ఆమె బల్ల మీద పెట్టించాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు లోకేశ్వరి లేచి వరండా చివరికి పోయింది. ఆడవాళ్ల బాత్రూమ్‌కు తాళం వేసి ఉంది. వెనక్కి వచ్చి పక్క సీటు కవిప్రియను అడిగింది.

"తాళంచెవి యాడ?"

"సూపరింటెండెంట్ సార్ డ్రాయర్లో. నువ్వు లీవులో ఉండంగా కొత్త రూలు. బయటోళ్లు వాడేస్తా ఉండారని."

"సార్ యాడ?"

"లంచ్ కదక్కా. ఇంటికి పోయి ఒక కునుకు తీసి వస్తారు. మూడున్నర అవుతాది."

"మరి మీరంతా ఏం చేస్తారే?"

"పొద్దున్నుంచి నీళ్లు తాగం," అంది కవిప్రియ, ఫైలు మీదనుంచి తల ఎత్తకుండా.

లోకేశ్వరి కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు త్యాగరాజన్ మూడున్నరకు రాలేదు. నాలుగున్నరకూ రాలేదు. ఏదో తనిఖీకి అటునుంచి అటే పోయాడని ఆఫీసు మూసే వేళకు తెలిసింది.

టౌన్ బస్సు నెల్లితోపులో ఆగేలోపే లోకేశ్వరి దూకింది. వీధంతా పరుగు. గేటు, మెట్లు, గడప. చెప్పులు విడవలేదు, సంచి దించలేదు. తిన్నగా బాత్రూమ్ వైపు దూసుకుపోతుంటే హాల్లో ప్రీతిక రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"అమ్మా. తాతకు చెప్పినావా?"

లోకేశ్వరి ఆగింది. వాలుకుర్చీ వైపు తిరిగి, నిటారుగా నిలబడింది.