మారెక్క చూపు

నీటి సమస్యను రాష్ట్రంలోనే మొట్టమొదటిసారిగా మీమ్ స్థాయికి తీసుకెళ్లిన ఘనత తమదేనని, దీనిపై ప్రతిపక్షంతో ఎక్కడైనా బహిరంగ చర్చకు సిద్ధమని మా ఎమ్మెల్యే బయ్యన్నగారి కార్యాలయం ప్రకటించింది. ఆ చరిత్రాత్మక ఘట్టం జరిగినప్పుడు ఒక పత్రిక విలేకరిగా నేను పక్కనే ఉన్నాను. కాబట్టి నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యత.

మడకశిర దారిలో నల్లబండపల్లి అని ఒక ఊరుంది. గొర్రెలు, వేరుశనగ చేలు, ఎండిన బోర్లు అక్కడి ఆస్తిపాస్తులు. ఇంటింటికీ నీళ్లిచ్చే పథకం ప్రారంభించడానికి బయ్యన్నగారు గొర్రెల మారెక్క ఇంటి ముందరి కొళాయిని ఎంచుకున్నారు. రిబ్బన్ కత్తిరించి, "ఈ క్షణంతో ఈ ఊరి ఆడబిడ్డల కష్టాలు తీరినట్లే" అంటూ కొళాయి తిప్పారు. కొళాయి బుస్సుమని గాలి వదిలింది. లోపలినుంచి ఒక సాలెపురుగు వచ్చి, జనాన్ని చూసి మళ్లీ లోపలికే పోయింది.

చంకలో ఖాళీ బిందెతో నిలబడ్డ మారెక్క కొళాయి వంక చూసింది. తర్వాత ఎమ్మెల్యేగారి వంక చూసింది.

ఎమ్మెల్యేగారి సోషల్ మీడియా ఇన్‌చార్జి ప్రణీత్ ఇదంతా లైవ్ పెట్టాడు. మేము భోజనాలు ముగించి తాంబూలం వేసుకునేలోపు ఆ చూపు బెంగళూరు దాటిపోయింది. "ఐదు నిమిషాల్లో ఉంటా" అన్న స్నేహితుడికి జనం ఆ చూపే పంపారు. "ఈసారి వానలు బాగా పడతాయి" అన్న టీవీ జ్యోతిష్యుడికీ పంపారు. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లు, జీతాలు రేపు ఇస్తానన్న యజమాని గదికి ఆ బొమ్మ ప్రింటు తీసి అంటించారు. ఎవరికి ఏ మాట నమ్మబుద్ధి కాకపోయినా, ఆ మాట కింద మారెక్క ప్రత్యక్షమయ్యేది.

"ఎవడప్పా ఈ వీడియో పెట్టినోడు? కేసు పెట్టండి" అన్నారు బయ్యన్నగారు.

"మనమే సార్" అన్నాడు ప్రణీత్.

"తీసెయ్యి."

"తీసేస్తే భయపడినామంటారు సార్. ఇది మన విజయమని చెప్పుకోవాల. మన పథకం లేకుంటే ఆ చూపు యాడుండేది?"

బయ్యన్నగారు ఆలోచించారు. ఆయన ఆలోచించగా చూసే అదృష్టం నాకు కలగడం అదే మొదలు.

మరుసటి రోజే మారెక్కకు సన్మానం. శాలువా కప్పారు, మైసూర్‌పాక్ పెట్టారు. ఫోటో తీస్తుంటే ఆమె నవ్వింది.

"నవ్వితే ఎవురూ షేర్ చెయ్యరు అవ్వా. ఆ పొద్దు చూసినట్ల చూడు" అన్నాడు ప్రణీత్.

"ఆ పొద్దు నేనేం చూసినా నాయనా? నీళ్లొస్తాయేమోనని చూసినా."

ఎంత బతిమాలినా ఆ చూపు రాలేదు. చివరికి బయ్యన్నగారే ఆమె పక్కన కూర్చుని మెల్లగా, "మారెక్కా, వచ్చే నెల నీళ్లొస్తాయి" అన్నారు. చూపు వెంటనే వచ్చింది. ప్రణీత్ ఫోటో తీసుకున్నాడు. నాయకత్వ లక్షణమంటే అదీ.

మారెక్క ఆయన చేయి వదల్లేదు. "అడిగినట్ల చూసినా కదప్పా. ఇంగ నీళ్లియ్యి. నా కోడలికి నెలలు నిండినాయి. ఆ పిల్ల పుల్లన్న తోట కాడినుంచి బిందెలు మోస్తాండాది."

"మారెక్కకు నీళ్లిచ్చే పూచీ నాది. రాసుకోప్పా" అన్నారు ఆయన నాతో. రాసుకున్నాను.

సమీక్షా సమావేశంలో ఇంజనీరుగారు కొంచెం పైపు వేస్తే కొళాయికి నీళ్లొస్తాయని చెప్పారు. ప్రణీత్ లేచి, "నీళ్లొస్తే ఆమె నవ్వుతాది సార్. అప్పుడు మనకేం మిగుల్తాది?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇంజనీరింగ్ పుస్తకాల్లో జవాబు లేదు. పైపు పరిశీలనలో పడింది. దాని బదులు కొళాయి పక్కనే మారెక్క విగ్రహం మంజూరైంది. నిలువెత్తు సిమెంటు విగ్రహం, చంకలో సిమెంటు బిందె, ముఖంలో ఆ చూపు.

దాసప్ప మేస్త్రి విగ్రహం పూర్తిచేసి, "ఈ ఎండకు పగిలిపోతాది సార్. రెండు పూటలా నీళ్లు కొట్టాల" అన్నాడు. పగిలితే పార్టీ పరువేం కావాలి? ఆ సాయంత్రమే ట్యాంకర్ వచ్చింది. నీళ్లు విగ్రహం నెత్తిన పడి, సిమెంటు కుచ్చిళ్ల మీదుగా నేలకు జారాయి. ఊరి ఆడవాళ్లు ఊరికే చూశారు.

తెల్లారి ట్యాంకర్ వచ్చేసరికి విగ్రహం చుట్టూ బిందెలున్నాయి. మారెక్క తన విగ్రహం మోచేతి కిందే బిందె పట్టింది.

"జనానికి పొయ్యమని నాకు ఆర్డర్ లేదు" అన్నాడు డ్రైవర్.

"మాకెందుకప్పా? నువ్వు విగ్రహానికే పొయ్యి" అంది మారెక్క.

ఆ రోజు నుంచి ఆమె కోడలు తోటకు పోలేదు. కాన్పయ్యాక పసిబిడ్డకు మొదటి స్నానం ఆ నీళ్లతోనే.

కొన్నాళ్లకు సిమెంటు గట్టిపడింది, ట్యాంకర్ ఆగింది. మారెక్క బస్సెక్కి ఎమ్మెల్యేగారి ఆఫీసుకొచ్చింది. "ముక్కు నాది మాదిరి లేదప్పా. చూసినోళ్లు నవ్వుతాండారు" అంది. విగ్రహాన్ని చూసి నవ్వడమంటే పార్టీని చూసి నవ్వడమే. దాసప్ప ముక్కు పగలగొట్టి మళ్లీ పెట్టాడు. ట్యాంకర్ మళ్లీ వచ్చింది. ఆ తర్వాత గడ్డం నచ్చలేదు. గడ్డమయ్యాక చెవి. కళ పట్ల ఆ ఊరి మహిళల పట్టుదల గురించి నేను ఒక ప్రత్యేక కథనం రాశాను.

అది చదివారేమో, పక్క ఊరి ఆడవాళ్లంతా ఒకరోజు ఆఫీసు ముందుకొచ్చారు. ధర్నా అనుకుని బయ్యన్నగారు ముందుగా ప్రణీత్ ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నారు.

"నీళ్ల కోసం రాలేదు సార్" అంది ముందు నిలబడ్డ గంగాదేవి. "మా ఊళ్లో గూడా ఒక విగ్రహం పెట్టియ్యండి."

బయ్యన్నగారి కళ్లు చెమర్చాయి. "చూస్తివా, మీమ్స్ అంటే జనానికి ఎంత అభిమానమో" అన్నారు నాతో. ఆమె వైపు తిరిగి, "ఎవురి విగ్రహం పెట్టాలమ్మా?" అని అడిగారు.

గంగాదేవి వెనక్కి తిరిగి మిగతావాళ్లతో గుసగుసలాడింది.

"ఎవురిదైనా సరే సార్. మీదైనా పరవాలేదు. సిమెంటుది, బాగా పెద్దది ఉండాల."