ఎనిమిది వందల అడుగుల అబద్ధం

నేను చదివింది ఐదో తరగతి. అందులో మూడో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి ఆరేళ్ళ చదువని చెప్పుకోవచ్చు. అలాంటి నేను అరవై ఎనిమిదో ఏట కంప్యూటరుకు అబద్ధమాడడం నేర్పించానంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోయింది, టీ మాత్రం చెప్పండి. మిగతాది చెబుతాను.

నా పొలంలో నాలుగు బోర్లున్నాయి. బోర్లంటే నీళ్ళొస్తాయనుకునేరు. నావి వట్టి బొక్కలు. మొదటిదాంట్లో దుమ్ము వచ్చింది. రెండోదాంట్లో వేడిగాలి వచ్చింది, ఆ ఏడు దాని మీదే అప్పడాలు ఎండబెట్టుకున్నాం. మూడోదాంట్లో నేను వేసిన రాయి ఇంకా కిందికి పడుతూనే ఉంది, చెవి ఆనించి వింటే ఇప్పటికీ ఈల వినిపిస్తుంది. నాలుగోదాని గురించి అడగొద్దు.

ఒక్కో బోరుకు నా భార్య పాపక్క ఒంటి మీది నుంచి ఒక్కో నగ దిగింది. అంటే, ఆమె బంగారాన్ని నా పొలంలో నాలుగు చోట్ల నాటాను. ఒక్కటీ మొలవలేదు.

ఇక ఆమెకు మిగిలింది పాలకోడు దారిలో వాళ్ళమ్మ ఇచ్చిపోయిన మామిడి తోపు. ఐదో బోరు కోసం నా కన్ను దాని మీద పడింది.

తప్పు నా ఒక్కడిదే కాదు. మా వైపు టెంకాయ వడివేలు అని ఒకడున్నాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్ళుంటే టెంకాయ నిక్కి నిలబడుతుంది. మా చేను ఈశాన్యం మూలలో అది పోలీసుస్టేషన్లో కానిస్టేబులులాగా నిలబడింది.

"ఎనిమిది నూర్ల అడుగులు అంజనప్పణ్ణా," అన్నాడు వడివేలు. "కింద సముద్రం ఉండాది. అలల శబ్దం నాకు వినబడతా ఉండాది."

తోపు కొనడానికి పాలకోడు టొమాటో మండీ సదాశివం సిద్ధంగా ఉన్నాడు. కావలసింది పాపక్క సంతకం ఒక్కటే. మెల్లగా మొదలుపెట్టాను.

"ఏమే, నీ తోపులో కాయలు సగం కోతులే తినిపోతా ఉండాయి."

"కోతులు తింటే టెంకలన్నా మిగులుస్తాయి. నీ బోరు తింటే ఏం మిగులుతాది?"

"కింద సముద్రం ఉండాదని వడివేలు చెప్తా ఉండాడు."

"ఉంటే ఉప్పు పండించు."

"నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు? నువ్వు ఏది చెప్తే అది జరగదని నలభై ఏండ్ల నమ్మకం."

ఇదిగో, సరిగ్గా ఈ సమయంలో మా ఇంట్లోకి కంప్యూటరు భాష వచ్చింది. మా మనవరాలు నందిత మా దగ్గరుండి ధర్మపురిలో కాలేజీకి పోతుంది. రెండువేల తొమ్మిదిలో మా కొడుకు దానికోసం కంప్యూటరు కొని, ఇంటర్నెట్టు లైను కూడా పెట్టించాడు. శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి గీతలు గీసుకునే భాష ఒకటుందట. దాని పేరు ఆర్. ఒకే అక్షరం. పేరు పెట్టేవాళ్ళకు అక్కడికే ఓపిక అయిపోయినట్టుంది. ఏమీ తెలియనివాళ్ళకు ఇంటర్నెట్టులో పన్నెండు పాఠాలు, ఊరికే నేర్పిస్తారు. కాలేజీలో చెయ్యమన్నారని నందిత మొదలుపెట్టింది.

"తాతా, రా, నీకు మొదటి పాడం చూపిస్తాను," అంది. ఏదో మాట కొట్టి, బ్రాకెట్లో నా పేరు కొట్టి, ఒక మీట నొక్కింది. తెర మీద నా పేరు వచ్చింది.

"నేనేం చెప్పమన్నా చెప్తాదా?"

"ఈ రెండు గుర్తుల మధ్య ఏం పెడితే అది చెప్తాది."

"అది నిజమా, కాదా అని అడగదా?"

"అడగదు తాతా. అది దాని పని కాదు."

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎదురు ప్రశ్న వెయ్యకుండా నా మాట నాకు తిరిగి చెప్పే జీవం ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పన్నెండు పాఠాల కోర్సులో నా చదువు మొదటి పాఠంతోనే పూర్తయింది. మిగతా పదకొండు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

నందిత కాలేజీకి పోయాక ఒంటివేలితో కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఐదోరోజు పాపక్కను పిలిచి, మీట నొక్కి చేతులు కట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట తెర మీద మెరిసింది. ఈశాన్యం మూల, ఎనిమిది వందల అడుగుల్లో నీళ్ళున్నాయి.

పాపక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వంగి చదివింది. "ఇది ఎట్ల కనుక్కునింది?"

"నాలుగు బోర్ల లోతు, పడిన వాన, కింద రాయి, అన్నీ దీంట్లో వేసినాను. సైన్సు. వడివేలు చెప్తే నమ్మవు, నేను చెప్తే నమ్మవు. దీనికి నీ తోపు మీద ఆశ లేదు కదా?"

ఆమె తెరను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తెరను చూసింది. "సరి. ఇప్పుడు ఆడి మాసం, మంచి పని ఏదీ చెయ్యరాదు. వచ్చే నెల ఆవణి పుట్టినాక సంతకం పెడతాను," అంది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అంత సంతోషం. సదాశివానికి చెప్పాను, వడివేలుకు చెప్పాను, దారిన పోయే మేకకు కూడా చెప్పాను.

ఆడి మాసమంతా పాపక్క పని ముగించుకుని కంప్యూటరు ముందు కూర్చునేది. అది చెప్పిన మాటకు కళ్ళు తిరిగి భక్తి పుట్టిందనుకున్నాను.

ఒకరోజు నందిత అంది: "తాతా, అవ్వ ఏడో పాడానికి పోయింది. నేనింకా ఐదులోనే ఉండాను."

నేను నవ్వాను. ఇక్కడొక మాట చెప్పాలి. పాపక్క పదో తరగతి చదివింది. లెక్కల్లో బడికంతా మొదటిది. టీచరు ట్రైనింగుకు వాళ్ళ మాస్టరు ఫారం తెచ్చిచ్చిన వారంలోనే మా నాన్న వాళ్ళింటికి పోయి మా పెళ్ళికి ముహూర్తం పెట్టించాడు. ఆ ఫారం ఏమైందని నేనెప్పుడూ అడగలేదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ నెలలోనే ఆమె ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. రేషను క్యూలో, చెరువు పూడిక తీసే చోట, ఎక్కడ నలుగురు ఆడవాళ్ళుంటే అక్కడ. ఊళ్ళో కబుర్లు రాసుకుంటోందనుకున్నాను. మగవాడి తెలివి అంతవరకే పోతుంది.

ఆవణి వచ్చింది. మంచిరోజు చూసి సదాశివం స్టాంపు కాగితంతో వచ్చాడు. సాక్షిగా వడివేలు వచ్చాడు, చేతిలో టెంకాయతో సహా. పాపక్క ఇద్దరికీ కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చి, కంప్యూటరు తెరను వాళ్ళ వైపు తిప్పింది.

"సంతకం ఎక్కడికీ పోదు. ముందు మా ఇంటాయన చేసిన సైన్సు చూడండి," అంది.

నా ప్రోగ్రాము తెరిచింది. ఒక్కటే లైను. తెరంతా ఖాళీగా, నా పొలంలాగే ఉంది.

"వాన యాడ ఉండాది? రాయి యాడ ఉండాది? లోతు యాడ ఉండాదయ్యా?" అని నన్నడిగింది. "నీళ్ళుండాయని నువ్వే కొట్టినావు. అది తిరిగి చెప్పింది. దీనికంటే చిలక మేలు, దానికి కాయలంటే ఇష్టమన్నా ఉంటాది."

అని ఆమె ఇంకో లైను కొట్టింది. తోప్పూరు కనుమను వడివేలు వీపు మీద మోసుకొచ్చినాడు, అని తెర చెప్పింది. వడివేలు ఒక్క క్షణం నిజంగానే గర్వపడ్డాడు.

తర్వాత తన ప్రోగ్రాము తెరిచింది. అందులో మొదటి లైను చూసి నేను తెర దగ్గరికి వంగాను. మీకు తెలుసు కదా, మా వాళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. రేషను కార్డు దగ్గర ఎవరైనా అడిగితే పక్కింటామె చెప్పాలి. నలభై ఒక్క ఏళ్ళలో నా పేరు ఆమె నోట నేను వినలేదు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా ఉంది. అంజనప్ప. పక్కన సమానం గుర్తు. దాని పక్కన సున్నా.

"ఇదేమే?"

"అంకెలు దాచేదానికి డబ్బాలకు పేర్లు పెట్టమన్నారు రెండో పాడంలో. ఆ డబ్బాలో ఉండేది నీళ్ళు పడిన నీ బోర్ల లెక్క."

"పేరు చెప్పకూడదు కదా?"

"నోటితో చెప్పరాదు. వేలితో కొట్టరాదని ఎవరు చెప్పినారు?"

సదాశివం మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పాపక్క నోటుపుస్తకంలోని కబుర్లన్నీ అంకెలై తెర మీదికి వచ్చాయి. వడివేలు టెంకాయ నిలబడిన చోట తవ్వించిన ఇళ్ళు నలభై రెండు. నీళ్ళు పడింది పదకొండింట్లో. టెంకాయ లేకుండా ఇష్టమొచ్చిన చోట తవ్వించుకున్న ఇళ్ళు ఇరవై. నీళ్ళు పడింది ఆరింట్లో.

"అంటే ఏమక్కా?" అన్నాడు సదాశివం.

"నూటికి ఇరవై ఆరు ఒక పక్క, ముప్పై ఒక పక్క. టెంకాయను చట్నీ చేసుకునుంటే మేలు."

సదాశివం గ్లాసు కింద పెట్టాడు. పోయిన నెలే ఆయన కూడా తన చేలో వడివేలును నడిపించాడట. ఇద్దరూ ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని వాకిలి దాటారు. స్టాంపు కాగితం మజ్జిగలో తడిసింది. టెంకాయ మాత్రం మా ఇంట్లోనే పడి ఉండిపోయింది. ఎవరి చేతిలోనూ లేకపోతే అది ఎంతో బుద్ధిగా పడుకుంటుంది.

వాళ్ళు పోయాక పాపక్క చివరి బొమ్మ చూపించింది. నలభై ఒక్క చుక్కలు, వాటి మధ్యలోంచి కిందికి దిగుతున్న ఒక గీత.

"ఇదేం బోరు?"

"బోరు కాదు. మన ఇంటి బావి."

నేను కాపురానికి తెచ్చిన ఏడాది నుంచి ప్రతి ఏటా ఎండలు ముదిరే చిత్తిర నెలలో చేదతాడు ఎన్ని బారలు పడుతుందో ఆమె వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీసి పెట్టుకుంది. పిల్లలు గీసిన గీతలనుకున్నాను ఇన్నేళ్ళూ. మొదటి ఏడు నాలుగు బారలు. ఈ ఏడు పద్నాలుగు. తాడు తోడింది ఆమె కాబట్టి లెక్క ఆమె చేతులకు తెలుసు.

"నీ బోర్లు ఈ భూమిలోనే కదా ఉండేది. నీళ్ళు ఎగువకొస్తాయా?" అంది. "నాలుగుసార్లు ఇచ్చినాను. తోపు ఇవ్వను."

"ఈ గీత ఎప్పటికి అడుగు తాకుతాది?"

"ఇట్లే పోతే మూడు నాలుగేండ్లు."

"కొంచెం పైకి లాగలేవా?"

"లాగొచ్చు. ఒక్క లైను చాలు. నీళ్ళుండవు, అంతే."

నేను లేచి పోయి వంటింటి తలుపు వెనక బొగ్గు గీతలు చూసి వచ్చాను.

ఆమె పన్నెండో పాఠం కూడా ముగించింది. నాకు మాత్రం కొత్త ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున నేనే బావిలో చేద వెయ్యాలి, తాడు బారలు కొలవాలి, వాకిట్లోంచి అరిచి చెప్పాలి. ఆమె లోపల కొడుతుంది. "ఇన్నేండ్లూ నేను తోడినాను. ఇంక చుక్కలు నువ్వు తే," అంది.

పోయిన వారం ఒకరోజు తాడు పైకి లాగి, బారలు కొలిచాను. తర్వాత "పదమూడు" అని అరిచాను. ఎందుకలా అన్నానో మీరు అడగొద్దు. అలవాటు అనుకోండి.

లోపల మీటల చప్పుడు ఆగింది. "ఇదో, ఈ చుక్క ఒంటిగా నిలబడి ఉండాది."

"ఊట పడిందేమో."

"ఊట పడితే రేపూ ఉంటాది. పోయి మళ్ళీ చూసిరా."

పోయాను. చేద దించాను. తాడు నా చేతుల్లోంచి జారుతూనే ఉంది, జారుతూనే ఉంది. పైకి లాగి, నా చేతులు చాచి, ఒక్కో బార లెక్కపెట్టాను.

"పద్నాలుగు మీద ఒక జాన," అన్నాను. అరవలేదు, లోపలికి పోయి చెప్పాను.

ఆమె నా మొహం చూడకుండానే కొట్టింది. ఈసారి మళ్ళీ చూసి రమ్మనలేదు.