తారు రోడ్డు కళ్ళం

నాగావళి పొంగి దొంకవలస నూర్పిడి కళ్ళాల మీద జానెడు ఇసక పోసిన ఏడాది జరిగింది ఇది. వరద తీసింది. ఇసక ఉండిపోయింది. ఊళ్ళో వాళ్ళు పారలు పట్టుకుని ఎవరి కళ్ళం వాళ్ళు బాగు చేసుకున్నారు. గంగరాజు చేసుకోలేదు. రేపు చూద్దాం అన్నాడు. ఆ రేపు మాఘమాసం దాకా రాలేదు. అప్పటికి మెట్టచేలో వేసిన ఉలవ పంటకొచ్చి, మోపులై, ఇంటి ముందు గుట్టగా పడి ఉంది.

ఆ ఉదయం గంగరాజు వేసుకున్న లెక్క చిన్నది. పొద్దు పొడవగానే మోపులు పొందూరు రోడ్డు మీద, తూము మలుపులో పరచాలి. వచ్చే బస్సులూ పోయే లారీలూ తొక్కుతాయి. ఎండకి కాయ పగిలి గింజ రాలుతుంది. ఎండ తగ్గేలోగా ఊడ్చుకుని, తూర్పారబట్టి, బస్తాలకెత్తుకుని ఇంటికి రావాలి. ఎడ్లతో పని లేదు, కూలీలతో పని లేదు. ఆ చుట్టుపక్కల సగం ఊళ్ళు చేసే పనే.

భార్య కూర్మమ్మకు ఇది నచ్చలేదు.

"రోడ్డు మీదేటి? మనకి కళ్ళం నేదేటి?"

"ఇసక."

"ఇసకెత్తితే పోదేటి? మన ఈశ్వర్ రోజూ ఆ తోవనే బండి మీద ఎల్తాడు, వస్తాడు. జారి పడితే ఎవుడు దిక్కు?"

"ఆడికి హెల్మెట్టున్నాది కదే."

ఈశ్వర్ వాళ్ళకు ఒక్కడే కొడుకు. కంపెనీలో రాత్రి డ్యూటీ. ఆ హెల్మెట్టు కూర్మమ్మ కొనిపించింది. పక్క వీధి కుర్రాడొకడు బండి మీంచి పడి తల పగిలి చనిపోయాక, ఆమె అన్నం మానేసి మరీ కొనిపించింది. దూరం నుంచి కనపడాలని తెల్లది తనే ఏరింది. ఆ రోజు కూడా ఈశ్వర్ మోపులు బయటకు కదలకముందే డ్యూటీ నుంచి వచ్చి, హెల్మెట్టు గోడ మేకుకు తగిలించి పడుకున్నాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి.

ఉలవ రోడ్డెక్కాక మొదట పడింది రాణి. సముద్రం ఒడ్డు నుంచి మోపెడ్డు మీద చేపలు తెచ్చి ఊళ్ళలో అమ్ముకునే మనిషి. ఉలవ మీదకు రాగానే చక్రం జర్రున పోయింది. రాణి ఒకవైపు, మోపెడ్డు ఒకవైపు, గంపెడు నెత్తళ్ళ చేపలు ఉలవ నిండా.

గంగరాజు పరుగెత్తి మోపెడ్డు లేపాడు. "దెబ్బ తగిలినాదేటమ్మా?"

"దెబ్బ తగలక ముద్దు తగుల్తాదేటి మావా? ఈ రోడ్డు మీ తాత ఏసాడేటి? నా మోసెయ్యి సూడు! నా నెత్తళ్ళు సూడు!"

గంగరాజు మోచెయ్యి చూశాడు. తోలు లేచిపోయింది. వంగి నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. ఉలవలోంచి నెత్తళ్ళు ఏరడం అయ్యే పని కాదు. దొరికినవి గంపలో వేసుకుని రాణి బండెక్కింది.

"ఇయాల ఇంకొకడు పడతాడు ఇక్కడ. నా నోరు మంచిది కాదు, సెప్తన్నాను."

గంగరాజు చెడ్డవాడు కాదు. ఇంకెవరూ పడకూడదని గట్టిగా అనుకున్నాడు. ఆ నిమిషాన ఉలవ ఎత్తేసి ఉంటే సరిపోయేది. కానీ కాయ సగమే పగిలింది.

అప్పుడు బావమరిది జగన్నాధం వచ్చాడు. బస్సు డిపోలో కాపలా పని చేసి దిగిపోయిన మనిషి. అన్నేళ్ళు బస్సుల మధ్య కూర్చున్నాడు కాబట్టి రోడ్డు సంగతి తనకే తెలుసని అతని నమ్మకం.

"రాళ్ళు పెట్టాల బావా. రాయి కనపడితే బండోడు పక్కనుంచి ఎల్తాడు. నీ ఉలవ నీకుంటాది, ఆడి ప్రేనం ఆడికుంటాది."

"పక్కనుంచి ఎల్తే ఉలవ తొక్కీదెవుడు?"

"పెద్ద బండ్లు రాళ్ళు దాటి తొక్కుతాయి. సిన్న బండ్లు పక్కకి పోతాయి. అదీ కిటుకు."

ఇద్దరూ కలిసి కాలవ గట్టు మీది రాళ్ళు మోసి ఉలవ చుట్టూ వరసగా పేర్చారు. దూరానికి కనపడాలని అందరికన్నా పెద్ద రాయి గంగరాజు ఊరి వైపు కొసన పెట్టాడు. నడుం పట్టేసింది. అయినా మనుషుల మేలు కోసం పడిన కష్టం కదా అని సంతోషించాడు.

కిటుకు జగన్నాధం చెప్పినట్టు జరగలేదు. చిన్నా పెద్దా అన్ని బండ్లూ మిగిలిన సగం రోడ్డులోకే దూరాయి. అటు నుంచి పాల వ్యాను, ఇటు నుంచి ట్రాక్టరు. ఒకడు ఆగితే పోయేది. ఎవడూ ఆగలేదు. ఆఖరి క్షణంలో వ్యాను పక్కకు కోసి కాలవలోకి దిగింది. డ్రైవరు బురద కొట్టుకుని పైకొచ్చాడు. పాలన్నీ కాలవ పాలయ్యాయి.

"సూసావా? రాళ్ళు మంచియే. ముందుగా తెలీకపోడమే తప్పు," అన్నాడు జగన్నాధం. "దూరం నుంచే ఎర్రగుడ్డ ఊపాల."

గంగరాజు ఇంటికి పోయి కూర్మమ్మ పాత ఎర్ర చీర తెచ్చి వెదురుకర్రకు కట్టాడు. మలుపు ముందు నిలబడి రెండు చేతులా ఊపాడు. ఆపండి, ఆపండి అని కేకలు పెట్టాడు.

అది అమ్మవారి సంబరాల నెల. ఊరూరా కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, ఎర్రగుడ్డలు ఊపి, బండ్లు ఆపి చందాలు అడుగుతున్నారు. ఆ తోవన తిరిగే డ్రైవర్లందరికీ ఒకటే సూత్రం: ఎర్రగుడ్డ కనపడితే ఆగకూడదు, ఇంకా తొక్కాలి. గంగరాజు ఎంత గట్టిగా ఊపితే వాళ్ళు అంత జోరుగా పోయారు. ఒక కారాయన అద్దం దించి, పది రూపాయల కాగితం విసిరి, "ఏ అమ్మోరు తాతా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయాడు.

వెనకే ఒక ఆటో వచ్చింది. అదీ ఆగలేదు. గంగరాజును తప్పించి, ఉలవ మీద జారి, రాయెక్కి, పక్కకు ఒరిగింది. లోపల పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు. పెద్ద దెబ్బలు లేవు. ఒక ముసలామె పన్ను ఊడి ఉలవలో పడింది. అందరూ వంగి వెతికారు. నెత్తళ్ళు దొరికాయి. పన్ను దొరకలేదు.

ఆటో వెళ్ళాక గంగరాజు తూము మీద కూలబడ్డాడు. "ఎత్తేద్దాం జగన్నాధం. ఎవుడో ఒకడు సచ్చిపోతాడు."

"ఇంత సేసి ఇప్పుడెత్తేస్తావేటి? ఒకటి సెప్తాను ఇను. ఈ రోడ్డు మీద బండోడు అమ్మోరికి భయపడడు. పోలీసుకే భయపడతాడు."

"పోలీసునెక్కడ తెస్తాం?"

"సేద్దాం."

రెండు వెదుళ్ళు శిలువలా కట్టారు. గడ్డి చుట్టారు. జగన్నాధం తన పాత ఖాకీ చొక్కా తెచ్చి తొడిగాడు. తలకాయగా కుండ బోర్లించారు. కుండ తలతో పోలీసు పోలీసులా లేడు. ఇద్దరూ కాసేపు దాని వైపు చూశారు. తరవాత గంగరాజు ఇంటికి వెళ్ళాడు. కూర్మమ్మ పెరట్లో ఉంది. ఈశ్వర్ నిద్రపోతున్నాడు. మేకున తెల్ల హెల్మెట్టు ఉంది. పడుకున్నవాడికి హెల్మెట్టెందుకు, వాడు లేచేలోగా తెచ్చి పెట్టేద్దాం అనుకున్నాడు.

పోలీసు కుదిరాడు. ఉలవకి అవతలి కొసన, మలుపులో నిలబెట్టారు. లారీలు నెమ్మదించాయి. బస్సు పాములా పాకుతూ వచ్చి ఉలవను చక్కగా తొక్కి పోయింది. బండ్ల మీద కుర్రాళ్ళు దూరం నుంచే చూసి, హెల్మెట్టు ఉన్నవాడు పెట్టుకున్నాడు, లేనివాడు బండి తిప్పుకుని పొలాల గట్ల మీద పడ్డాడు. ఒక్కడూ పడలేదు. ఒక్కరికీ గీత పడలేదు. గంగరాజు ఆ రోజులో మొదటిసారి బీడీ ముట్టించాడు.

"సూసావా బావా? గడ్డిబొమ్మ సేసిన పని పెద్ద పెద్దోళ్ళు సెయ్యనేకపోనారు," అన్నాడు జగన్నాధం.

గంగరాజు నవ్వాడు. హెల్మెట్టు సంగతి మరిచిపోయాడు.

ఎండ వాలుతుండగా ఈశ్వర్ లేచాడు. మొహం కడుక్కుని క్యారేజీ పట్టుకుని మేకు వైపు చూశాడు.

"అమ్మా, హెల్మెట్టేది?"

"మేకునే ఉండాల కదరా. మీ అయ్య వచ్చి ఎల్లాడు. ఆయన పట్టికెల్లాడేటి?"

"అయ్యకి బండే నేదు. ఆయనకెందుకే?"

"ఏటో. నువ్వది నేకుండా ఎల్లకురా."

"డ్యూటీకి టైమైపోతన్నాది. అయ్య తూము కాడే ఉన్నాడు కదా, అడిగి తీసుకుని ఎల్తాను. ఆడదాకా మెల్లగా పోతాను."

మెల్లగానే పోయాడు. ఉలవ మీదకు వచ్చాక తలెత్తి చూశాడు. మలుపులో ఖాకీ చొక్కా, తెల్ల హెల్మెట్టు. పోయిన నెలే స్నేహితుడికి హెల్మెట్టు అరువిచ్చి, ఉత్త తలతో దొరికి, జరిమానా కట్టాడు. ఈశ్వర్ బ్రేకు మీద కాలేశాడు. సరిగ్గా అప్పుడే తూము మీద కూర్చున్న గంగరాజు కొడుకును పోల్చుకున్నాడు. హెల్మెట్టు గుర్తొచ్చింది. ఉలిక్కిపడి లేచి, చేతిలో ఎర్రగుడ్డ ఉందని కూడా చూసుకోకుండా, ఆగరా ఆగు అని రెండు చేతులూ ఊపాడు.

ఎండలోకి ఎదురుగా చూస్తున్న ఈశ్వర్‌కు పోలీసు పక్కన ఇంకొకడు లేచి తనను ఆపుతున్నట్టు కనపడింది. బండి ఒక్కసారిగా వెనక్కి తిప్పాడు. కింద ఉలవ. చక్రం పోయింది. ఊరి వైపు కొసన ఉన్న పెద్ద రాయికి తల తగిలింది.

తన హెల్మెట్టును చూసి పారిపోబోయి పడ్డాడు.

ఎవరో ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. వచ్చి మలుపులో ఆగిపోయింది. ముందు రాళ్ళు, మధ్యలో బొమ్మ. డ్రైవరు హారను మీద చెయ్యి తీయలేదు. "సారూ, కొంచెం పక్కకి తప్పుకోండి! పేషెంటు కాడికి ఎల్లాలి!" అని బొమ్మను బతిమాలాడు. బొమ్మ తప్పుకోలేదు. ఊళ్ళోంచి పరుగెత్తుకొచ్చిన కూర్మమ్మ దాన్ని కాలితో తన్నింది. కుండ పగిలింది. హెల్మెట్టు దొర్లుకుంటూ వచ్చి గంగరాజు కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని చూసింది. మొగుణ్ణి చూసింది. వెదురుకర్రకున్న ఎర్ర చీర లాగి కొడుకు తలకు కట్టింది. జగన్నాధం ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరమ్మ కుట్లు వేస్తూ అడిగింది.

"హెల్మెట్ లేదా ఇతనికి?"

"ఉన్నాదండి," అన్నాడు గంగరాజు.

"ఏదీ?"

గంగరాజు చెయ్యి పైకెత్తాడు. హెల్మెట్టు చేతిలోనే ఉంది. గీత కూడా పడలేదు.

తెల్లవారేసరికి ఈశ్వర్ కళ్ళు తెరిచాడు. గండం గడిచింది, ఎడమ చెవి వినపడుతుందో లేదో తరవాత తెలుస్తుంది అన్నారు. తల్లిని చూసి "అమ్మా" అన్నాడు. తండ్రిని కూడా గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కళ్ళు మూసుకున్నాడు.

గంగరాజు మొదటి బస్సుకు వచ్చి తూము దగ్గర దిగాడు. రాళ్ళు ఒక్కొక్కటీ దొర్లించి కాలవలో పడేశాడు. పెద్ద రాయి దగ్గర కాసేపు నిలబడ్డాడు. తరవాత అదీ దొర్లించాడు. ఉలవ ఊడ్చి గట్టుకు చేర్చాడు. రోడ్డు నల్లగా బయటపడింది. రాణి మోపెడ్డు మీద వచ్చి, కాలు కింద పెట్టి ఆగింది.

"మావా, మీ గుంటడికెలాగున్నాది?"

"బతికాడు."

రాణి తన మోచేతి కట్టు సర్దుకుని వెళ్ళిపోయింది. గంగరాజు ఇంటికి పోయి పార తీసుకుని, కళ్ళం దగ్గరకు వెళ్ళి ఇసక ఎత్తడం మొదలుపెట్టాడు.

పని పూర్తయ్యేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.