పాండవుల గుళ్ళలో సండిగలు

ఆ రోజు పుష్పావతి పెట్టుకున్న పని చాలా చిన్నది. తెల్లవారేసరికి పిండి ఉడికించాలి, ఎండెక్కేలోపు సండిగలు పెట్టాలి, పొద్దుగుంకేలోపు ఎండినవి డబ్బాలో పోసుకోవాలి. మరునాడు కూతురు హేమలత సీమంతం. ఆ పిల్ల ఫోన్లో అడిగింది ఒకటే: "మ్మా, చీరలూ వద్దు, గాజులూ వద్దు. నీ చేతి సండిగలు తినాలనుండాది." కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే ఏ తల్లి కాదంటుంది?

సండిగలంటే మరేం కాదు, కోస్తా వాళ్ళు వడియాలంటారే, అవే. అడిగింది కూతురే అయినా పుష్పావతి భయమంతా వియ్యపురాలు రామాంజినమ్మ గురించి. కూతురి పెళ్ళైన ఏడాది పంపిన సండిగలు నూనెలో పొంగలేదు. రామాంజినమ్మ ఊరుకునే మనిషా? "వదినా, నీ సండిగలు మా ఎద్దుకు పెడితిని. పాపం, ఈ సంతనాడు నోట్లో యేసుకుంటే మళ్ళా సంతదాకా నెమరేస్తానే ఉండె" అని పదిమందిలో అనేసింది. ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగొచ్చింది. అత్తగారింట్లో హేమలత దాన్ని ఇప్పటికీ వింటూనే ఉంది. ఈసారి సండిగలు మల్లెపూలలా పొంగాలి. అంతే.

అప్పుడు ఎందుకు పొంగలేదో పుష్పావతికి బాగా తెలుసు. ఆమె అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది. సండిగ పెట్టిన మనిషి, అవి ఒకపక్క ఎండి తిప్పేదాకా నోరు విప్పకూడదు. ఆ ఏడాది మేక వచ్చి మూతి పెడితే పుష్పావతి తిట్టింది. మేకనూ తిట్టింది, మేకను కన్న మేకనూ తిట్టింది, దాన్ని వదిలిన మేకల సిద్దమ్మనూ తిట్టింది. సండిగలు రాళ్ళయి కూర్చున్నాయి.

మిద్దె మీద పెడదామంటే కోతులు. అందుకని ఊరి బయట గుట్ట మీదున్న పాండవుల గుళ్ళను ఎంచుకుంది. గుళ్ళంటే గోపురాలేమీ ఉండవు. ఎప్పటి మనుషులో నిలువెత్తు బండలను గుండ్రంగా పాతి వెళ్ళారు, నడుమ ఒక చదునైన బండ. పాండవులు వనవాసంలో ఇక్కడ ఉన్నారని కొందరంటారు, వెనకటి వాళ్ళ సమాధులని కొందరంటారు. పుష్పావతికి తెలిసింది రెండే ముక్కలు. ఆ బండ పెనంలా కాలుతుంది. దాపున చెట్టు లేదు గనుక కోతి రాదు.

ఇక ఎండ సంగతి. శ్రావణం సగమైనా చినుకు లేదు. కుందుర్పి దిక్కున ఏ చేను చూసినా వేరుశనగ తల వేలాడేసి ఉంది. జనమంతా మబ్బు కోసం మెడలు విరుచుకుంటున్న ఆ పొద్దున, ఎండ కావాలని కోరుకున్న మనిషి ఆ సీమ మొత్తానికి ఒక్కతే. ఆ మాట బయటపడితే ఊళ్ళో ఆమెకు నీళ్ళు కూడా పుట్టవు. ఆమె చేను మాత్రం పచ్చగా ఉందా ఏం? "ఈ ఒక్క పొద్దు ఆగు తల్లీ, రేపట్నుంచి ఎంతన్నా కురుసుకో" అని మనసులోనే మొక్కుకుంది.

మొగుడు తిప్పేస్వామి మోపెడ్ మీద పిండిగిన్నె, పాతచీర, గొడుగు గుట్ట మీదికి చేరవేశాడు. "ఏమే, మధ్యాన్నం సంగటి తెస్తా. ఎవరన్నా పలకరిస్తే పలకొద్దు" అన్నాడు. ఆమె అప్పటికే మౌనంలోకి దిగింది, తల ఊపింది. "ఈ సండిగలేవో వారం వారం పెట్టుకోరాదా? ఇల్లు నిమ్మళంగా ఉంటాది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పుష్పావతి బండ మీద చీర పరిచింది. నడుమ నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా సండిగలు పెట్టుకుంటూ వచ్చింది. చీమలు రాకుండా చుట్టూ బూడిద గీసింది. దిష్టి తగలకుండా నాలుగు మూలలా ఎండుమిరపకాయా, బొగ్గుముక్కా ఉంచింది. కొంగు నెత్తిన కప్పుకుని, గొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. తెల్లవారుజామున లేచిన మనిషి, కాస్త కునుకు కూడా పట్టింది.

అప్పుడు వచ్చింది బెంగళూరు కారు. అందులోంచి జయరాం, ప్రశాంతి అనే మొగుడూ పెళ్ళాం దిగారు. పాతకాలపు రాతి వలయాలలో ఏదో శక్తి దాగి ఉంటుందని, అది పట్టుకోవడానికి ఊళ్ళు తిరుగుతుంటారు. జయరాం చేతుల్లో వంచిన రాగి కడ్డీలు రెండున్నాయి. శక్తి ఉన్నచోట అవి వాటంతటవే తిరుగుతాయట. ఆ గుట్ట మీద గాలికి నెత్తిన తలగుడ్డే నిలవదు, కడ్డీలు నిలుస్తాయా? గిర్రున తిరిగాయి.

"ప్రశాంతీ, చూడు! అక్కడ చక్రం వేసి ఒక తల్లి ధ్యానంలో ఉంది!"

"బూడిద, బొగ్గు, మిరపకాయలు..." ప్రశాంతి చేతులు జోడించింది. "అమ్మా, ఇది ఏ సాధన? మాకూ చెప్పండమ్మా."

పుష్పావతి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నోటి మీద వేలు పెట్టింది, అంటే మాట్లాడకూడదని. వేలు ఆకాశానికి చూపించింది, అంటే ఎండ ముదిరేదాకా అని. చెయ్యి వెల్లకిలా తిప్పి చూపించింది, అంటే ఇవి తిప్పేదాకా అని. ఇంతకంటే విప్పి చెప్పడం ఎవరి వల్లా కాదు.

"మౌనంగా ఉండాలి, శక్తి పైనుంచి దిగుతుంది, అరచేతులు ఇలా తిప్పి పట్టాలి" అని జయరాం భార్యకు వివరించాడు. ఇద్దరూ చెప్పులు విప్పి, చేతులు వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నారు.

కాసేపటికి మేకలు తోలుకుంటూ సిద్దమ్మ వచ్చింది. "ఏమప్పా, ఎవురు మీరు? ఏం చేస్తాండారు ఈడ?"

"చెప్పులు విప్పి బండ మీద నిలబడు తల్లీ, కాళ్ళకి ఏమైనా తెలుస్తోందా?" అన్నాడు జయరాం.

సిద్దమ్మ నిలబడింది. "చుర్రుమంటాండాదే!"

"అదే శక్తి."

సిద్దమ్మ పుట్టినప్పటి నుంచీ ఎండలో బండల మీద తిరుగుతున్న మనిషే. చుర్రుమనడం ఆమెకు కొత్త కాదు, దానికొక పేరుందని తెలియడమే కొత్త. పుష్పావతిని చూసింది. పలకరిస్తే పలకలేదు. పుష్పావతి పలకకపోవడమంటే మాటలా? ఈ కరువులో ఒక ఆడమనిషి తిండీ నీళ్ళూ మాని, మాట మాని, మండే బండ మీద కూర్చుందంటే దేనికోసం? సిద్దమ్మ మేకలను గుట్ట కిందికి తోలేసి ఊళ్ళోకి పరిగెత్తింది. "పుష్పమ్మ వాన కోసరం మౌనం పట్టిందప్పో! పాండవుల గుళ్ళల్లో!"

ఊరు కదిలింది. మాట పొరుగూళ్ళకు పాకేసరికి పుష్పమ్మ పేరు జారిపోయి ‘తల్లి’ ఒక్కటే మిగిలింది, అక్కడి నుంచీ ఆటోలు వచ్చాయి. కొబ్బరికాయలు పగిలాయి. సిద్దమ్మ పసుపు తెచ్చి పుష్పావతి ముఖానికి కన్నూ ముక్కూ తెలియకుండా మెత్తింది. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు.

"తల్లీ, వానకేనా?" అని అడిగారు.

పుష్పావతి కాదు కాదని తల అడ్డంగా ఊపింది.

"అడగగూడదంట!" అని సిద్దమ్మ జనానికి చెప్పింది. జనం చెంపలేసుకున్నారు. పుష్పావతి మాత్రం మబ్బు పడుతోందేమోనని ఆకాశం వైపు చూసుకుంది. ఇందరు ఒక్కటై మొక్కుతుంటే దేవుడు ఎవరి మాట వింటాడు? కానీ నోరు విప్పితే సండిగలు పొంగవు. మూసుకుంటే జనం పోరు.

మధ్యాహ్నం తిప్పేస్వామి సంగటి తెచ్చేసరికి గుట్ట తిరునాళ్ళయి ఉంది. "అదేమీ లేదప్పా, మా యమ్మి సండిగలు ఎండబెడతాండాది!" అని అరిచాడు.

"ఇంట్లో మనిషికి ఇలువ తెలీదులే" అని ఒక ముసలాయన జాలిపడ్డాడు. ఇంకొకాయన అతని చేతిలోని సంగటి ముద్ద అందుకుని, కళ్ళకద్దుకుని, చిన్న చిన్న ముద్దలుగా అందరికీ పంచేశాడు. తిప్పేస్వామికి కూడా ఒక ముద్ద వచ్చింది. ఆకలి మీదున్నాడు, తినేశాడు.

ఆ తరువాత దిగిన ఆటోలో పొరుగూరి రామాంజినమ్మ ఉంది. చేతిలో వాడిపోయిన వేరుశనగ మొక్క. గొడుగు కింద పసుపు ముద్దలా ఉన్న మనిషి తన వియ్యపురాలని ఆమె కలలో కూడా అనుకోలేదు. నేరుగా వచ్చి కాళ్ళ మీద పడింది.

"అమ్మా తల్లీ, చెట్టుకు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే టయిము. నేల ఇనుమైపోయి ఉండాది. ఒక్క పదును వాన ఇయ్యి. నాకు నోటి దురుసు జాస్తి, అది నాకూ తెలుసు. మా వియ్యపురాలిని శానా మాటలంటిని. ఆయమ్మ సండిగల్ని ఎద్దుకు పెట్టింది కూడా అబద్ధమే తల్లీ, ఊరికే నవ్వులకు అంటిని. వాన పడితే ఇంక జన్మలో ఆయమ్మను ఒక్క మాట అనను."

పుష్పావతి గొడుగు ముఖానికి అడ్డం దించుకుంది. ఆ గొడుగు ఎంతసేపు ఊగిందో! శక్తి వచ్చిందన్నాడు జయరాం.

అప్పుడే పడమట నుంచి, కన్నడ దిక్కు నుంచి, చల్లటి గాలి తోలింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు, మబ్బును మరిచిపోయి చాలా కాలమైంది. చూస్తుండగానే ఆకాశం నల్లబడింది. మొదటి చినుకు జయరాం వెల్లకిలా పెట్టిన అరచేతిలోనే పడింది. రెండోది సండిగ మీద పడింది.

"అయ్యో అయ్యో, నా సండిగలు! ఇంగా తిప్పనే లేదు కదప్పా!"

"తల్లి పలికింది!" అని జనం హోరెత్తింది. వాన దబదబా దిగింది. పెద్దవాళ్ళు పిల్లల్లా ఎగిరారు. సిద్దమ్మ కొంగు పట్టి వాననీళ్ళు పిండుకుని తాగింది. పుష్పావతి కూడా ఒక్క క్షణం ఆగి, కింద తన చేను నల్లగా తడుస్తుంటే చూసింది. ఆ క్షణం సండిగలు కావాలా వాన కావాలా అని అడిగుంటే ఆమె జవాబు చెప్పలేకపోయేది. ఎవరూ అడగలేదు గనుక సండిగల మీద పడి, ఒళ్ళు అడ్డం పెట్టింది.

కాళ్ళ దగ్గరున్న రామాంజినమ్మ మాత్రం ఎగరలేదు. సీమంతం మాటలకని తమ ఇంటికి వచ్చి, గడపలో నిలబడి సగం పొద్దు మాట్లాడి పోయిన గొంతును మరిచిపోతుందా? పైగా వానకు పసుపు కూడా కారిపోతోంది.

"వదినా... నువ్వా?"

"నేనే వదినా."

"నేననింది విన్నావా?"

"విన్నా."

"అంతానా?"

"ఎద్దుతో సహా."

రామాంజినమ్మ ఒకసారి ఆకాశం వైపు చూసింది. వాన నిజంగానే పడుతోంది, తప్పించుకునే దారి లేదు. "సరే, పట్టు ఆ కొస! నా కోడలు అడిగినవి నీళ్ళపాలు కానిస్తామా? ఏమప్పా కారాయనా, తలుపు తియ్యి!"

నాలుగు కొసలూ ఎత్తి ఇద్దరూ సండిగల చీరను కారు దగ్గరికి మోసుకొచ్చారు. చక్రం తన కారులోకే వస్తుందని జయరాం ఊహించలేదు. కళ్ళ నీళ్ళతో తలుపులన్నీ తెరిచాడు. వెనక సీటు మీద చీర పరిచారు. మిగిలినవి ముందు అద్దం కింద పేర్చారు.

"అన్నా, కారులో వేడిగాలి వదిలేది ఉంటాది కదా?" అన్నాడు తిప్పేస్వామి.

"శక్తికి వేడి కావాలా?"

"మస్తుగా కావల్ల."

హీటరు మోగింది. వియ్యపురాళ్ళిద్దరూ ముందు సీట్లలో ఇరుక్కుని, చెమటలు కక్కుతూ, సండిగలను ఒక్కొక్కటే తిప్పారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక పని మీద అంతసేపు కలిసి కూర్చోవడం అదే మొదలు. బయట జయరాం, ప్రశాంతి వానలో చేతులు చాపుకుని పరవశంగా నిలబడ్డారు.

మరునాడు సీమంతంలో సండిగలు నూనెలో వేస్తే పూలలా విచ్చుకున్నాయి. మౌనం మధ్యలో చెడినా పొంగాయి. ఇదేమిటని అడగడానికి పుష్పావతి అత్త బతికి లేదు. హేమలత పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కరకరా నమిలింది. "మ్మా, ఇంగా ఉండాయా?" అంది.

రామాంజినమ్మ కూడా ఒకటి నోట్లో వేసుకుంది. కారులో పెట్టే సెంటు వాసన గుప్పుమంది. ఆమె నోరు తెరిచింది. బయట ఇంకా సన్నగా జల్లు పడుతోంది. తెరిచిన నోట్లో ఇంకో సండిగ వేసుకుని, "కమ్మగా ఉండాయి వదినా" అంది.

జయరాం కారులో మాత్రం సండిగల ఇంగువ వాసన ఇప్పటికీ పోలేదు, శక్తి నిలిచిందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలని అతను బెంగళూరులో అందరినీ కారెక్కించి మరీ అడుగుతున్నాడు.