గరగర పోయిన స్పీకరు పెట్టె

“ప్రసాదూ, బాగా విను. ఈ భిలాయిలో నేరమనేది ఇన్నాళ్లూ బతికి బట్టకట్టిందంటే కారణం ఒక్కటే. నేను ఉక్కు ప్లాంటు డ్యూటీలో ఉండిపోయాను. ఇప్పుడు రిటైరయ్యాను. నేరస్థులారా, మీకు రోజులు దగ్గరపడ్డాయి!”

కోహ్కాలో తన ఇంటి వరండాలో నిలబడి బంగార్రాజు ఈ ప్రకటన చేసినప్పుడు ఎదురుగా నేరస్థులెవరూ లేరు. బావమరిది లక్ష్మీప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. పాపం, అతను రాత్రంతా రైలు పట్టాల మిల్లులో సి-షిఫ్టు చేసి, అక్క చేతి ఉప్మా తిని పడుకుందామని వచ్చాడు. చేతిలో ప్లేటు ఉంది గనక చెవులు మూసుకునే వీల్లేక విన్నాడు.

బంగార్రాజు అపరాధ పరిశోధనకి దిగి ఏడాది కావస్తోంది. మొదటి కేసులో పాల ప్యాకెట్ల దొంగని వెంటాడి వెంటాడి పక్కింటి గౌరీదేవి గారి అల్లుణ్ణి పట్టుకున్నాడు. తీరా చూస్తే దొంగ పిల్లి. అల్లుడు మాత్రం ఆ దెబ్బతో అత్తారింటికి రావడం మానేశాడు. దాన్నీ తన విజయాల్లోనే కలిపేసుకున్నాడు మహానుభావుడు.

అంతలో ఫోన్ మోగింది.

“హలో, పరిశోధకుడు బంగార్రాజు! ఏటీ? గొంతు పోయిందా? ఎవరికి? స్పీకరుకా!” ఆయన కళ్లు మెరిశాయి. “ఏదీ ముట్టుకోకండి. శవాన్ని... అదే, పెట్టెని కదపకండి. బయల్దేరాం.”

“బయల్దేరాం అంటే ఎవరెవరం బావా?” అన్నాడు లక్ష్మీప్రసాద్.

“స్కూటర్ నీదే కదా!”

ఫోన్ చేసింది రిసాలిలో ఉండే యుగంధర్ అని తెలిశాక లక్ష్మీప్రసాద్ నిద్ర కొంత ఎగిరిపోయింది. భిలాయి తెలుగువాళ్లలో యుగంధర్ గిటారు వినని వాళ్లు లేరు. వినాయక చవితి పందిళ్లలో, ఆంధ్ర సంఘం వార్షికోత్సవాల్లో ఆయన ఆర్కెస్ట్రా వినే లక్ష్మీప్రసాద్ పెరిగాడు. ఆ గిటారు కన్నా దాని వెనకున్న పెట్టెకే ఎక్కువ పేరు. ఎప్పుడో కుర్రతనంలో కలకత్తా వెళ్లి, సెకండ్‌హ్యాండులో కొనుక్కుని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడట. పైన పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వుల యాంప్లిఫయరు, కింద వెనకవైపు తెరిచి ఉండే చెక్క స్పీకరు పెట్టె. స్విచ్ వేయగానే పలకదు. వాల్వులు ఎర్రబడి, వేడెక్కి, తనకి బుద్ధి పుట్టినప్పుడు పలుకుతుంది. మెల్లగా మీటితే తేనెలా ఉంటుంది. గట్టిగా మీటితే గొంతు చివర చిన్న గరగర వస్తుంది. ఆ గరగర కోసం రాయపూర్ నుంచి కుర్రాళ్లు ఖరీదైన కొత్త గిటార్లు పట్టుకొచ్చి, ఈ ముసలి పెట్టెకి తగిలించుకుని, కళ్లు మూసుకుని వాయించి వెళ్తుంటారు.

ఆ గరగర వెనక ఒక కథ ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక పందిట్లో, బేస్ గిటారు వాయించే శ్యామసుందర్ హుషారుగా వెనక్కి తిరిగాడు. గిటారు తల పెట్టె వెనక నుంచి లోపలికి దూసుకెళ్లి స్పీకరు అట్ట చిరిగింది. కొట్టుకుంటారేమో అనుకున్నారు అందరూ. యుగంధర్ తీగ మీటి చూశాడు. “ఒరే శ్యామూ, ఇదేటిరా, ఇంత బాగుంది!” అన్నాడు. అంతే, ఆ చిల్లుకి ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు.

ఇప్పుడు శ్యామసుందర్ కూడా రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఆదివారం విజయనగరం వెళ్లిపోతున్నాడు. శనివారం సాయంత్రం సంఘం హాల్లో ఇద్దరూ కలిసి వాయించే ఆఖరి ప్రోగ్రాం. ఇదిగో, సరిగ్గా శుక్రవారం పొద్దున పెట్టె గరగర మానేసింది.

“వినండి,” అంటూ, వీళ్లు రిసాలిలో తన ఇంట్లో అడుగుపెట్టగానే యుగంధర్ గట్టిగా మీటాడు. టంగుమని శుభ్రమైన శబ్దం వచ్చింది, బడిగంటలా.

“బాగానే ఉందే!” అన్నాడు బంగార్రాజు.

“అదేనండీ ప్రాబ్లం! చూడండి, వెనక స్పీకరుకి చిల్లు లేదు. నున్నగా ఉంది. నాది కాదిది. ఎవరో నా స్పీకరు పట్టుకుపోయి వేరేది పెట్టీసేరు. దీంతో నేను రేపు వాయించలేనండీ. శ్యాముగాడు ఉన్న ఆఖరి రోజున ఈ బడిగంట కొట్టమంటారా?”

బంగార్రాజు రంగంలోకి దిగాడు. పెట్టె చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. వేలిముద్రల కోసం దాని మీద పౌడరు చల్లాడు. ఆ పౌడరు పీల్చి తానే తుమ్మి, ఉన్న ముద్రలన్నీ ఎగరగొట్టాడు. ఆ తరువాత గంభీరంగా అడిగాడు.

“గరగరని చివరిసారి సజీవంగా ఎప్పుడు విన్నారు?”

“సోమవారం. తరువాత మూడు రోజులూ మా ఆవిడ రజని చెల్లెలింటికి దుర్గ్ వెళ్లాం. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది.”

ఆ అమ్మ, అచ్చమ్మ, ఎనభై దాటిన మనిషి, వంటింటి గడపలో నిలబడి అంతా చూస్తోంది. “బాబూ, ఆ పెట్టెకేటంటే...” అని ఏదో చెప్పబోయింది.

“అమ్మా! సాక్షులు పిలిచినప్పుడే మాట్లాడాలి,” అన్నాడు బంగార్రాజు చెయ్యెత్తి.

“సాక్షేటి, నాన్సెబుతున్నది...”

“లోపలికి పదండమ్మా. ఇది పెద్దవాళ్లు చూడదగ్గ దృశ్యం కాదు.”

“ఏటోనమ్మా, పెద్ద పోలీసు వొచ్చీసేడు!” అని మూతి తిప్పుకుని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆవిణ్ణి పూర్తిగా చెప్పనిస్తే బాగుండునని లక్ష్మీప్రసాద్‌కి అనిపించింది గానీ, ఆవులింత అడ్డొచ్చింది.

అప్పటికి వాల్వులు బాగా వేడెక్కాయి. బంగార్రాజు ముక్కు పైకి లేచింది. పెట్టె వెనక్కి వంగి పీల్చాడు.

“మెంతులు!”

“మెంతులేటి?” అన్నాడు యుగంధర్.

“వాసన చూడండి. ఈ పని చేసినవాడి చేతికి మెంతుల వాసన ఉంది. యుగంధర్ గారూ, మీ పరిచయస్థుల్లో మెంతులతో సంబంధం ఉన్నవాళ్లు?”

యుగంధర్ ఆలోచించాడు. మొహం మెల్లగా మారింది. “శ్యాముకి షుగరు. రోజూ పొద్దున్నే నానబెట్టిన మెంతులు నములుతాడు. కానీ...”

“ఊరు ఎప్పుడు వదులుతున్నాడు?”

“ఆదివారం.”

“చిల్లు చేసింది?”

“ఆడే.”

“చాలు! అవకాశం, ఉద్దేశం, మెంతులు!” బంగార్రాజు కండువా సర్దుకున్నాడు. “వెళ్లిపోయేముందు తన చేతి చిల్లుని తనతో పట్టుకుపోవాలని చూశాడు. పదండి.”

“బావా, భిలాయిలో సగం మంది మెంతులు నములుతున్నారు. మా అక్క నీకూ పెడతాది,” అన్నాడు లక్ష్మీప్రసాద్.

“అందుకే నాకు ఆ వాసన తెలిసింది!”

ఒక్క స్కూటర్ మీద ముగ్గురూ సెక్టార్ ఆరులోని శ్యామసుందర్ క్వార్టరుకి వెళ్లారు. ఇల్లంతా అట్టపెట్టెలు, తాళ్లు. ఆయన సామాను కడుతూ, వీళ్లని చూసి సంబరపడ్డాడు.

“రండి రండి! ఒరే యుగంధర్, రేపటి పాటల వరస చూసుకుందారి, కూచో. ప్రసాద్, చాయ్ పెట్టమంటావేట్రా?”

బంగార్రాజు ఒక అట్టపెట్టె తాడు విప్పేశాడు. అందులో ఇత్తడి సామాన్లు ఉన్నాయి. ఇంకోటి విప్పాడు. దేవుడి పటాలు.

“ఏటండీ ఇది?” అన్నాడు శ్యామసుందర్.

“నాటకం చాలించండి శ్యామసుందర్ గారూ! స్పీకరు ఎక్కడ?”

“ఏ స్పీకరు?”

శ్యామసుందర్ నవ్వుతూనే యుగంధర్ వంక చూశాడు, వీడు కూడా నవ్వుతాడని. యుగంధర్ నవ్వలేదు. నేల చూస్తూ నెమ్మదిగా అన్నాడు, “శ్యామూ, ఇచ్చీరా. ఏటీ అనను. రేపటికి కావాలి, అంతే.”

లక్ష్మీప్రసాద్‌కి ఆ క్షణం భూమిలో దూరిపోవాలనిపించింది. శ్యామసుందర్ చేతిలోని తాడు కింద పెట్టి, వీధి తలుపు పూర్తిగా తెరిచాడు.

“వెళ్లండి. రేపు నేను రాను. ఇంకెవర్నైనా చూసుకో,” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద బంగార్రాజు ఒక్కడే మాట్లాడాడు. నేరస్థుడు తలుపు తెరవడంలోని మానసిక శాస్త్రం గురించి చెప్పాడు. వెనక కూర్చున్న యుగంధర్ కళ్లు తుడుచుకోవడం అద్దంలో చూసి లక్ష్మీప్రసాద్‌కి ఒళ్లు మండిపోయింది.

“బావా, నోరు మూసుకుంటావా, ఇక్కడే దింపెయ్యమంటావా?”

శనివారం పొద్దున బంగార్రాజు మళ్లీ రిసాలిలో ప్రత్యక్షమయ్యాడు. సాక్ష్యం బలంగా లేదట. అందుకని నేరాన్ని మళ్లీ మొదటి నుంచి నటించి చూడాలట. దొంగ వేషం తనదే. యాంప్లిఫయరు ఆన్ చేయించాడు. గిటారుని వైరు తగిలించి సోఫాకి ఆనించి పెట్టించాడు. యుగంధర్ బొమ్మలా చెప్పిందల్లా చేశాడు. సాయంత్రం ప్రోగ్రాం లేదని సంఘానికి ఎలా చెప్పాలా అన్న దిగులు తప్ప ఆయనకి మరో ధ్యాస లేదు.

“చూస్తూ ఉండండి. దొంగ ఇలా వంగి వస్తాడు. ఇలా పెట్టె వెనక్కి చేరతాడు. ఇక్కడ అతనికి ఒక చప్పుడు వినిపిస్తుంది. ప్రసాదూ, చప్పుడు చెయ్యి!”

లక్ష్మీప్రసాద్ చప్పట్లు కొట్టాడు.

దొంగ ఉలిక్కిపడి లేచాడు. లేచి వైరు తొక్కాడు. తొక్కిన కాలు జారి, “అమ్మో!” అంటూ వెనక్కి పడ్డాడు. మోచెయ్యి నేరుగా వెళ్లి స్పీకరులో దిగింది. వైరు లాగేసరికి గిటారు సోఫా మీంచి నేల మీద పడి, ఆరు తీగలూ ఒక్కసారే మోగాయి.

గరగరగరమని పెట్టె గర్జించింది. కిటికీ అద్దాలు అదిరాయి. వీధిలో కుక్క మొరగడం ఆపేసింది.

యుగంధర్ తుళ్లిపడి లేచాడు. “నాది! అది నాదే! నా స్పీకరే!” గిటారు ఎత్తుకుని గట్టిగా మీటాడు. మళ్లీ అదే గరగర. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

బంగార్రాజు మోచేతికి నల్లటి పెంకు ఒకటి అతుక్కుని ఉంది, పెద్ద అప్పడం అంత. లక్ష్మీప్రసాద్ దాన్ని ఊడదీసి వాసన చూశాడు. మెంతులు.

చప్పుడికి అచ్చమ్మ పరుగున వచ్చింది. ఆ పెంకు చూసి నెత్తి కొట్టుకుంది.

“ఓలమ్మో, ఓలమ్మో! మళ్లీ చింపీసేర్రా! రెండు రోజులు కూకుని మెత్తేను కదరా!”

“నువ్వా అమ్మా?” అన్నాడు యుగంధర్.

“మరెవులు? చేటకి చిల్లడితే ఏటి సేస్తాం? కాయితాలు, మెంతులు నానబెట్టి, రుబ్బి మెత్తమా? మీ పెట్టెలో ఉన్నదీ కాయితపుదే కదా. వెనకంతా నున్నగా మెత్తేను. తెలీకుండా దీపం మసి కలిపేను. నలుగురి ముందర చిరుగుల పెట్టె పెట్టుకుని వాయిస్తే నా కొడుక్కి నామోషీ కదేటి? నిన్న చెబుదామంటే ఈ బాబు నోరు తెరవనిచ్చేడా?”

యుగంధర్ తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. “బాగా మెత్తేవమ్మా. దొంగ పట్టుకుపోయేడనుకున్నాం, అంత బాగా మెత్తేవు,” అన్నాడు.

నేల మీద నుంచే బంగార్రాజు చూపుడువేలు ఎత్తాడు. “కేసు తేలింది! సరిగ్గా ఏ కోణంలో పడాలో నిన్ననే లెక్క వేసుకున్నాను.”

యుగంధర్ చెప్పులు కూడా వేసుకోకుండా లక్ష్మీప్రసాద్ వెనక స్కూటర్ ఎక్కాడు.

శ్యామసుందర్ వీధి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యుగంధర్ వెళ్లి పక్కన కూలబడి, అమ్మ సంగతి మొత్తం చెప్పాడు. “తప్పయిపోయిందిరా. చెప్పుతో కొట్టు నన్ను,” అన్నాడు.

“నువ్వు దొంగన్నందుక్కాదురా నాకు బాధ,” అన్నాడు శ్యామసుందర్. “దోస్తులు తిట్టుకుంటారు, చల్తా హై, పరవాలేదు. కానీ ఇన్నేళ్లు నాతో తిరిగి, బంగార్రాజు చెబితే నమ్మీసేవు చూడు! భిలాయిలో ఇంకెవులూ దొరకలేదేట్రా నీకు?”

ముందు లక్ష్మీప్రసాద్‌కి నవ్వొచ్చింది. ఆ తరువాత వాళ్లిద్దరికీ. నవ్వీ నవ్వీ ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడిచారు.

ఆ సాయంత్రం సంఘం హాలు దద్దరిల్లింది. ముందు వరసలో అచ్చమ్మ, గరగర వచ్చినప్పుడల్లా, “అదిగో, చిరుగు వినబడిపోతన్నాది,” అని కోడలు రజనీకుమారి చెవిలో బాధపడుతూనే ఉంది. జనం మాత్రం ఆ చిరుగుకే ఈలలు వేశారు. తెర వెనక బంగార్రాజు తన శాలువా కోసం ఎదురుచూశాడు. ఎవరూ కప్పలేదు.

ఆదివారం దుర్గ్ స్టేషన్‌కి అందరూ వచ్చారు. బంగార్రాజు చాయ్ కోసం వెళ్లి తిరిగొచ్చేసరికి గార్డు విజిల్ వేశాడు, రైలు కదిలింది. కదిలే బోగీ గుమ్మంలో శ్యామసుందర్ నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర, పాత దుప్పటి చుట్టినా చెక్క అంచులు కనబడుతూ, యుగంధర్ స్పీకరు పెట్టె ఉంది.

చాయ్ గ్లాసులు గాల్లోకి లేచాయి.

“పట్టుకోండి! దొంగ! నేను మొదటి రోజే చెప్పానా లేదా! పెట్టె పట్టుకుపోతున్నాడు!” అంటూ బంగార్రాజు ప్లాట్‌ఫాం మీద పరిగెత్తాడు. కూలీలు అతనికి దారిచ్చి చోద్యం చూశారు. గుమ్మంలో శ్యామసుందర్ కళ్ల నీళ్లు కారుతుండగానే పడీ పడీ నవ్వుతూ చెయ్యూపాడు.

“బాబాయ్, నిజంగా ఇచ్చేశావా?” అన్నాడు లక్ష్మీప్రసాద్ యుగంధర్‌తో.

“ఆ చిల్లు ఆడిదే కదరా. యాంప్లిఫయరు నా దగ్గరుంది. పెట్టె ఆడి దగ్గరుంది. ఇకమీద ఆ గరగర వినాలంటే ఎవుడో ఒకడు రైలెక్కాలి.”

ఇంతలో బంగార్రాజు రొప్పుకుంటూ తిరిగొచ్చాడు. “తప్పించుకున్నాడు యుగంధర్ గారూ! ఇప్పటికైనా ఒప్పుకుంటారా, నా అనుమానం నిజమేనని?”

యుగంధర్ దూరమవుతున్న ఆఖరి బోగీని చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

“నిజమేనండీ బంగార్రాజు గారూ. పట్టుకుపోనాడు.”