గెలిచే టీమూ, అబిగేల్ ప్రధానమూ

మన పిల్లవాడి కాలేజీ టీమ్ గెలవడం ఒక వరం! కాదన్నవాళ్ల పిల్లలెవరూ ఏ టీమ్‌లోనూ లేరని అర్థం.

కెనడాలో, విండ్సర్‌లో ఉండే యెహెజ్కేలు గారినే చూడండి. కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో సంఘ పెద్ద. ఆయన కొడుకు క్రిస్టో కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెడుతుంటే, హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లంతా వాడి మీద పడేది. పిల్లలు కలబడుతుంటే విడదీయకుండా టికెట్ కొనుక్కుని చూడటం ఎంత నాగరికత!

ఈ టీమ్ ఏళ్ల తరబడి నిష్ఠగా ఓడిపోతూ వచ్చింది. అక్టోబరు ఆఖరుకి సీజన్ ముగిసేది, పిల్లలు ఇళ్లకు చేరేవారు. ఆ నమ్మకంతోనే యెహెజ్కేలు గారు కూతురు అబిగేల్ ప్రధానం, అంటే నిశ్చితార్థం, నవంబరు రెండో శనివారానికి ఖాయం చేశారు. రిచ్‌మండ్ హిల్ నుంచి వియ్యాలవారు, స్కార్‌బరో నుంచి పాస్టరు గారు వస్తామన్నారు. హాలూ బిర్యానీ కుదిరాయి. తమ్ముడు పక్కన లేకుండా ఉంగరం తొడిగించుకోనని అబిగేల్ ముందే చెప్పేసింది. దానికేం భాగ్యం? టీమ్ ఓడిపోతుందన్న భరోసా ఉంటే ఎంత పెద్ద శుభకార్యమైనా పెట్టుకోవచ్చు!

అక్కడే ఆయన పొరపాటు చేశారు. సెప్టెంబరులో శుక్రవారం కూటంలో ప్రార్థన అవసరతలు అడిగితే, అలవాటు కొద్దీ మావాడి టీమ్ గెలవాలని ప్రార్థించండి అన్నారు. మనవాళ్ల సంగతి తెలుసుగా! ఇక్కడ స్థిరపడేందుకు కావలసిన పీఆర్ కోసమైనా, మోకాళ్ల నొప్పికైనా, ఒకసారి చెబితే మరి విడిచిపెట్టరు. ఆయన భార్య కృపాబాయి గారైతే శనివారం ఉపవాసం కూడా మొదలుపెట్టారు.

టీమ్ గెలిచింది. మళ్లీ గెలిచింది. ఓడిపోవడమెలాగో మరిచిపోయినట్టు గెలుస్తూనే పోయింది.

ఎన్ని లాభాలనుకున్నారు! పార్కింగ్ దొరక్క ఊళ్లో జనం నడక నేర్చుకున్నారు. ఎన్నడూ పలకరించని పక్కింటాయన వచ్చి యెహెజ్కేలు గారి చెయ్యి ఊపేసి వెళ్లాడు. ప్రాక్టీసులంటూ క్రిస్టో ఇంటి భోజనం మానేశాడు కాబట్టి చేపల పులుసు మర్నాటికి మిగలసాగింది. మర్నాటి పులుసుకున్న రుచి వేరు కదా!

అక్టోబరు చివర్లో క్రిస్టో అసలు సంగతి చెప్పాడు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే సెమీఫైనల్. అది సరిగ్గా ప్రధానం రోజున, వేరే ఊళ్లో.

యెహెజ్కేలు గారు కంచం పక్కకు జరిపారు. సీజనంతా బెంచీ మీదే కూర్చున్నావు కదరా, ఆ ఒక్కరోజు నువ్వు లేకపోతే వాళ్లకేం లోటు అన్నారు. అన్నాక ఆయన మనసే చివుక్కుమంది. క్రిస్టో కోప్పడలేదు.

"ఐ నో, డాడ్. బట్ ఐయామ్ ఆన్ ద టీమ్," అన్నాడు.

గెలుపులో ఉన్న గొప్పే అది. ఓడిపోయే రోజుల్లో, ఎలాగూ పోయే మ్యాచే కదా అని కోచ్ అందరినీ ఆడించేవాడు. క్రిస్టో కూడా అప్పుడప్పుడు దిగేవాడు. గెలవడం మొదలయ్యాక ప్రతి మ్యాచూ ముఖ్యమైపోయింది. ఈ ఏడాది కుర్రాడి జెర్సీకి మట్టే అంటలేదు. కృపాబాయి గారికి ఉతికే పని తప్పింది!

చెప్పిన ప్రార్థన అవసరతను వెనక్కి తీసుకోవడమెలాగో ఏ సంఘంలోనూ నేర్పరు. ఆ మ్యాచ్ ముందురోజు కూటంలో యెహెజ్కేలు గారే ప్రార్థన చెయ్యాల్సి వచ్చింది. "ప్రభువా, అవతలి టీమ్ పిల్లలకూ తల్లులున్నారు," అన్నారు. కృపాబాయి గారు ఒక కన్ను తెరిచి చూశారు.

మర్నాడు ఆయన మొదటిసారి స్టేడియానికి వెళ్లారు, ఓటమిని దగ్గరుండి జరిపించడానికి. చలికి జాకెట్‌లో ముడుచుకుని కొడుకు కోసం వెతికారు. క్రిస్టో బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు. బయటికొచ్చినవాళ్లకు నీళ్లందిస్తున్నాడు, వీపులు తడుతున్నాడు, అందరికంటే ముందు ఎగిరి గంతేస్తున్నాడు. సీజనంతా వీడు చేసింది ఇదా అనుకుంటూ ఆయన ఆట వదిలేసి బెంచీ వైపే చూస్తూ కూర్చున్నారు.

టీమ్ చాలా ముందుంది. ఇక కాసేపట్లో అయిపోతుందనగా యెహెజ్కేలు గారు లేచి నిలబడి, "అయ్యా కోచ్ గారూ, మావాణ్ణి కూడా పంపండి!" అని తెలుగులో అరిచారు. అది కోచ్‌కు వినబడే దూరం కాదు, వినబడినా అర్థమయ్యే భాష కాదు. అయినా ఆఖరి నిమిషంలో క్రిస్టో హెల్మెట్ తగిలించుకుని మైదానంలోకి పరిగెత్తాడు. ఎవడో వచ్చి గుద్దాడు. పడ్డాడు, లేచాడు. అంతలో మ్యాచ్ అయిపోయింది. జెర్సీ నిండా మట్టి.

అందుకే పాఠకులారా, గెలిచే టీమ్ వరమని మళ్లీ చెబుతున్నా. కాకపోతే కోచ్‌లకు ఒక మనవి. బెంచీ మీది పిల్లల్ని కూడా కాసేపు దింపండి. మావాళ్లు ఎన్ని ప్రధానాల తేదీలైనా మార్చుకుంటారు.

పార్కింగ్ లాట్ నుంచే యెహెజ్కేలు గారు రిచ్‌మండ్ హిల్‌కు ఫోన్ చేశారు. "ప్రధానం వాయిదా వేసుకుందామండీ. మావాడు ఆడాడు," అన్నారు.

స్కోరెంత అని వియ్యంకుడు గారు అడిగారు. యెహెజ్కేలు గారు దాన్ని చూడటమే మరిచిపోయారు.